ఛార్జింగ్‌కు డబ్బు కట్టడానికి యాప్, వాలెట్ ఎందుకు?

సంపాదకులకు నమస్కారం.

విద్యుత్ వాహనాలకు ఎన్ని ఛార్జింగ్ కేంద్రాలు వచ్చాయి, ఇంకా ఎన్ని రాబోతున్నాయి అన్న వార్తలు మీ పత్రికలో తరచూ చదువుతున్నాను. ఆ కేంద్రం ముందు బండి ఆపిన మనిషి డబ్బు ఎలా కడుతున్నాడన్న విషయం మాత్రం చర్చకు రావడం లేదు. మూడేళ్లుగా విద్యుత్ కారు నడుపుతున్నాను. ఇన్నాళ్లలో బ్యాటరీ కన్నా ఈ చెల్లింపు పద్ధతే నన్ను ఎక్కువసార్లు దారిలో నిలబెట్టింది.

గత దసరా సెలవుల్లో అమ్మను తీసుకుని విజయవాడ వెళ్లి, తిరిగి హైదరాబాద్ వస్తూ సూర్యాపేట దగ్గర ఒక హోటల్ ఆవరణలో ఉన్న ఛార్జర్ వద్ద ఆగాను. కారులో 17 శాతమే మిగిలింది. యంత్రం బాగానే ఉంది, కారుకు పెట్టే గన్ ఖాళీగా ఉంది, పచ్చ లైటు వెలుగుతోంది. యంత్రం మీద అంటించిన క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేస్తే డబ్బు కట్టే పేజీ రాలేదు, ఆ కంపెనీ యాప్‌ను డౌన్‌లోడ్ చేసుకోమని వచ్చింది. సిగ్నల్ సరిగా లేక యాప్ దిగడానికే పదకొండు నిమిషాలు పట్టింది. ఫోన్ నంబరు, ఓటీపీ, ఈమెయిల్, కారు మోడల్, రిజిస్ట్రేషన్ నంబరు అన్నీ ఇచ్చాక, వాలెట్‌లో కనీసం 500 రూపాయలు వేస్తే తప్ప ఛార్జింగ్ మొదలు కాదని చెప్పింది. వేశాను. ఆరు యూనిట్లు ఎక్కాక యంత్రం ఆగిపోయింది, ఎంత ప్రయత్నించినా మళ్లీ మొదలు కాలేదు. యూనిట్‌కు 20 రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్టీ కలిపి 141 రూపాయల 60 పైసలు పోగా, 358 రూపాయల 40 పైసలు ఆ వాలెట్‌లో ఉండిపోయాయి. వాటిని నా బ్యాంకు ఖాతాకు తిరిగి పంపమని అడిగితే, అలా కుదరదని, ఏడాదిలోగా తమ మరో కేంద్రంలో వాడుకోవచ్చని కస్టమర్ కేర్ నుంచి సమాధానం వచ్చింది. నేను తిరిగే దారుల్లో వారికి మరో కేంద్రం లేదు.

ఇదంతా జరుగుతున్నంతసేపూ పది అడుగుల దూరంలో ఉన్న టీ కొట్టులో సౌండ్ బాక్సు "ఇరవై రూపాయలు వచ్చాయి" అని తెలుగులో పలుకుతూనే ఉంది. అమ్మ అంతా చూసి, "టీకి ఫోన్‌లో కట్టావు కదా నాన్నా, దీనికీ అలాగే కట్టరాదా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేకపోయింది. ఆమె అడిగిన ప్రశ్నే ఈ ఉత్తరం రాయిస్తోంది.

ఆ రోజు 25 కిలోమీటర్ల అవతల మరో సంస్థ కేంద్రంలో, మరో యాప్‌తో, మరో వాలెట్‌లో డబ్బు వేసి ఛార్జింగ్ పెట్టుకున్నాను. అక్కడ ఒక విద్యుత్ క్యాబ్ డ్రైవర్ నా దగ్గరికి వచ్చి, తన ఫోన్‌లో ఈ యాప్ తెరుచుకోవడం లేదని, నా యాప్‌తో మొదలుపెడితే 300 రూపాయలు చేతికి ఇస్తానని అడిగాడు. అలాగే చేశాను. రోజూ ఇలా ఎవరో ఒకరిని అడుగుతూనే ఉంటామని, బిల్లు అవతలివారి పేరు మీద వస్తుంది కాబట్టి ఓనరు ఆ ఖర్చు ఇవ్వనంటున్నాడని చెప్పాడు. నాలాంటివాడికి ఇది చికాకు. కిలోమీటరుకు ఇంత అని లెక్క చూసుకుని బతికే డ్రైవర్‌కు ఇది రోజు కూలిలో కోత. అరడజను వాలెట్లలో మూడు వందలు, నాలుగు వందలు చొప్పున ఇరుక్కుపోతే అతనికి అది ఒక రోజు ఇంటి ఖర్చు.

ఈ వాలెట్ల మీద నిఘా ఎందుకు లేదో కొంత తెలుసుకున్నాను. ఒక సంస్థ తన సొంత సేవలకు మాత్రమే పనికొచ్చేలా ఇచ్చే వాలెట్‌ను రిజర్వు బ్యాంకు 'క్లోజ్డ్ సిస్టమ్' అంటుంది. దాన్ని నడపడానికి రిజర్వు బ్యాంకు అనుమతి అక్కర్లేదు. అటు విద్యుత్ నియంత్రణ మండళ్లకూ ఈ విషయంలో పెద్దగా పట్టు లేదు. వాహనాలకు ఛార్జింగ్ పెట్టడం విద్యుత్ అమ్మకం కిందికి రాదని, అది ఒక సేవ అని, దానికి లైసెన్సు అవసరం లేదని కేంద్ర విద్యుత్ శాఖ 2018 ఏప్రిల్‌లో స్పష్టం చేసింది. ఆ నిర్ణయం మంచిదే, దానివల్లే ఇన్ని కేంద్రాలు వచ్చాయి. అయితే వినియోగదారుడి డబ్బు ఎవరి చేతిలో ఎన్నాళ్లు ఉండవచ్చో చెప్పేవారు లేకుండా పోయారు. 2022 నవంబరులో అదే శాఖ తన మార్గదర్శకాలను సవరిస్తూ, పగటి సౌర విద్యుత్ వేళల్లో రాయితీతో, వేళను బట్టి మారే ధరల ప్రకారం రుసుమును ముందుగానే వసూలు చేసే ఏర్పాటు కేంద్రాల్లో ఉండాలని చెప్పింది. ముందుగా కట్టించుకోవడం వేరు, సొంత వాలెట్‌లో డబ్బు వేయించుకుని మిగిలింది తిరిగి ఇవ్వకపోవడం వేరు. ఆచరణలో ఈ రెండూ ఒకటైపోయాయి.

హైదరాబాద్–విజయవాడ దారిలో వెళ్లేవారందరికీ తెలిసిన ఉదాహరణ ఒకటి చెబుతాను. ఆ దారిలో పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు టోల్‌ప్లాజాలు ఉన్నాయి. కారు అద్దానికి అంటించిన ఫాస్టాగ్ ఏ బ్యాంకుదైనా ఆ మూడింటి దగ్గరే కాదు, దేశంలో జాతీయ రహదారుల మీది ఏ టోల్‌ప్లాజా దగ్గరైనా గేటు తెరుచుకుంటుంది. 2021 ఫిబ్రవరిలో దాన్ని తప్పనిసరి చేసినప్పుడు పంతంగికి ఒక ట్యాగు, చిల్లకల్లుకు ఇంకో ట్యాగు కొనమని ఉంటే జనం ఊరుకునేవారా? 2025 నవంబరు నుంచి ఫాస్టాగ్ లేని బండి యూపీఐతో కడితే టోల్‌కు ఒకటింబావు రెట్లు వసూలు చేస్తున్నారు. అంటే ట్యాగు లేనివాడికి కూడా అప్పటికప్పుడు కట్టి వెళ్లే దారి ఉంది. అదే రోడ్డు పక్కన ఉన్న ఛార్జర్ దగ్గర ఆ దారి లేదు.

ఛార్జింగ్ సంస్థలు చెప్పే కారణాలను కొట్టిపారేయడం నా ఉద్దేశం కాదు. ఎన్ని యూనిట్లు ఎక్కుతాయో ముందే తెలియదని, మనిషి కాపలా లేని చోట డబ్బు కట్టకుండా వెళ్లిపోతే ఎలాగని వారు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అయితే దానికి జవాబు మన దేశంలో ఎప్పుడో సిద్ధమైంది. 2018 ఆగస్టులో వచ్చిన యూపీఐ 2.0 లోనే మాండేట్ సదుపాయం ఉంది. కంపెనీలు జనానికి మొదటిసారి షేర్లు అమ్మే ఐపీఓలకు దరఖాస్తు చేసేవారు దాన్ని ఎరుగుదురు. సొమ్ము వారి ఖాతాలోనే ఉండి కదలకుండా ఆగుతుంది, షేర్లు వచ్చిన మేరకే పోతుంది, మిగతాది విడుదలవుతుంది. ఛార్జర్ దగ్గరా 500 రూపాయలను అలా ఆపి ఉంచి, గన్ తీసేసరికి అయిన 141 రూపాయల 60 పైసలే తీసుకోవచ్చు. అది కష్టమనుకుంటే, కట్టిన సొమ్ములో మిగిలింది ఏ ఖాతా నుంచి వచ్చిందో ఆ ఖాతాకే తిరిగి పంపవచ్చు. ఖర్చు ఎక్కువన్న వాదనకూ బలం తక్కువ. 2020 జనవరి నుంచి వ్యాపారులకు చేసే యూపీఐ చెల్లింపుల మీద ఎండీఆర్ (వ్యాపారి నుంచి బ్యాంకులు తీసుకునే) రుసుము లేదు. యంత్రాన్ని మొదలుపెట్టమన్న ఆదేశం ఇప్పుడు కూడా ఇంటర్నెట్ ద్వారా కంపెనీ సర్వర్ నుంచే వస్తోంది. యాప్ నొక్కితే వెళ్లే ఆ ఆదేశం, డబ్బు అందగానే వెళ్లేలా మార్చడానికి కొత్త యంత్రం కొననవసరం లేదు.

ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. కాగితం మీద అచ్చువేసి అంటించిన క్యూఆర్ సరిపోదు, ఎందుకంటే దాని మీద మోసగాళ్లు తమ స్టిక్కర్ అంటించే ప్రమాదం ఉంది. స్క్రీన్ ఉన్న యంత్రాలు ప్రతిసారీ కొత్త క్యూఆర్ చూపించాలి, డబ్బు కట్టే ముందు సంస్థ పేరు తెలుగులో కూడా కనిపించాలి.

బయటి దేశాల్లో ఈ ఇబ్బందిని ముందే గుర్తించి చట్టం చేశారు. యూరోపియన్ యూనియన్ 2023లో తెచ్చిన నిబంధన ప్రకారం, 2024 ఏప్రిల్ 13 తర్వాత పెట్టే 50 కిలోవాట్లు, ఆపై సామర్థ్యం ఉన్న ప్రతి ప్రజా ఛార్జర్‌కూ బ్యాంకు కార్డు తీసుకునే పరికరం ఉండాలి. అంతకన్నా చిన్నవాటికి క్యూఆర్ చెల్లింపు ఉన్నా చాలు. ముఖ్యమైన రహదారుల మీద అంతకుముందే పెట్టిన పెద్ద యంత్రాలను కూడా 2027 జనవరి 1 నాటికి మార్చాలి. బ్రిటన్‌లో కొత్తగా పెట్టే 8 కిలోవాట్లు, ఆపై యంత్రాలకూ, ఇప్పటికే ఉన్న 50 కిలోవాట్లు, ఆపై యంత్రాలకూ కార్డు తాకించి కట్టే ఏర్పాటు 2024 నవంబరు నుంచి తప్పనిసరి. ధరను యూనిట్ లెక్కన చూపించాలని కూడా అక్కడి చట్టం చెబుతోంది. అక్కడ జనం చేతిలో కార్డు ఉంటుంది కాబట్టి కార్డు అన్నారు. మన జనం చేతిలో యూపీఐ ఉంది. వారు పెట్టుకున్న ఖరీదైన పరికరాలు లేకుండానే మనం ఈ పని చేయగలం. స్మార్ట్‌ఫోన్ లేనివారి కోసం పెద్ద రహదారుల మీది కేంద్రాల్లోనైనా రూపే కార్డు తీసుకునే ఏర్పాటు ఉంటే మంచిది.

ధర చూపించడం గురించి ఒక మాట. పెట్రోల్ బంకులో పైపు పెట్టే ముందు "జీరో చూసుకోండి సార్" అంటారు. లీటరు ధర బోర్డు మీద ఉంటుంది, తూనికలు కొలతల శాఖ ముద్ర పంపు మీద ఉంటుంది. ఛార్జర్ దగ్గర యూనిట్ ధర ఎంతో యాప్‌లోకి వెళితే గాని తెలియదు, జీఎస్టీ కలిపారో లేదో బిల్లు వచ్చాక గాని తెలియదు. ఛార్జింగ్ అయ్యాక బండి తీయకపోతే నిమిషానికి ఇంత అని వేసే రుసుము కొన్నిచోట్ల ఉంది, దాన్నీ ముందు చెప్పేవారు లేరు. ఈ మూడు అంకెలూ యంత్రం మీదే కనిపించాలి. 141 రూపాయల సరుకు కొనడానికి ఈమెయిల్ చిరునామా ఇవ్వాల్సిన పని లేదు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా పనికి అవసరమైన మేరకే సమాచారం తీసుకోవాలంటోంది. తరచూ వచ్చేవారికి రాయితీలు ఇస్తూ సంస్థలు యాప్‌లు నడుపుకోవచ్చు, నచ్చినవారు వాడుకుంటారు. యాప్ లేనివాడికి కరెంటు ఇవ్వననడమే తప్పు.

విద్యుత్ వాహనాలను ప్రోత్సహించే పీఎం ఈ-డ్రైవ్ పథకానికి కేంద్రం 10,900 కోట్ల రూపాయలు కేటాయించి, అందులో 2,000 కోట్లు ఛార్జింగ్ కేంద్రాలకే పెట్టింది. అది మన పన్నుల సొమ్ము. ఆ సొమ్ముతో వచ్చే ప్రతి యంత్రం ఎవరి దగ్గరైనా నేరుగా డబ్బు తీసుకోవాలన్న షరతు పెట్టే హక్కు ప్రభుత్వానికి ఉంది. తెలంగాణ 2026 డిసెంబరు 31 వరకు విద్యుత్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము మినహాయించింది. ఆంధ్రప్రదేశ్ 2024–29 కాలానికి కొత్త విద్యుత్ వాహన విధానం ప్రకటించింది. బండి కొనమని ఇంతగా ప్రోత్సహిస్తున్న ప్రభుత్వాలు, కొన్నవాడు దారిలో పడే ఈ అవస్థను తీర్చడానికి కేంద్రం వైపు చూస్తూ కూర్చోనవసరం లేదు. తెలంగాణలో టీజీరెడ్‌కో, ఆంధ్రప్రదేశ్‌లో నెడ్‌క్యాప్ ఈ కేంద్రాలకు నోడల్ సంస్థలు, అంటే వీటి ఏర్పాటు బాధ్యత చూసే ప్రభుత్వ సంస్థలు. బస్‌స్టాండ్లలోనూ మున్సిపల్ స్థలాల్లోనూ చోటు ఇచ్చేటప్పుడు రాసుకునే ఒప్పందంలో ఒక్క షరతు చేరిస్తే చాలు: యాప్ లేకుండా, వాలెట్ లేకుండా, యూపీఐతో వాడుకున్న మేరకే కట్టే వీలు ఉండాలి, ఆగిపోయిన ఛార్జింగ్‌కు మిగిలిన సొమ్ము వచ్చిన ఖాతాకే మూడు రోజుల్లో వెళ్లాలి. ఇప్పటికే నడుస్తున్న కేంద్రాలకు ఆరు నెలల గడువు ఇవ్వవచ్చు. జనం వాలెట్లలో చిక్కుకుపోయిన పాత బ్యాలెన్సులను అడిగినవారికి తిరిగి ఇప్పించడం కూడా ఆ ఉత్తర్వులో ఉండాలని రెండు రాష్ట్రాల ఇంధన శాఖలను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విద్యుత్ కారు యజమాని,
హైదరాబాద్.