సంక్రాంతి రోజు పెద్ద బట్టల షాపులు మూసి ఉంచాలి

సంపాదకులకు,

‘భోగి, సంక్రాంతి రోజుల్లోనూ మా షోరూములు తెరిచే ఉంటాయి’ అని పండుగ ముందు ప్రకటనలు వస్తుంటాయి. మేం హైదరాబాద్ వస్త్ర దుకాణాల్లో డ్యూటీ చార్టులు వేసేవాళ్లం. ఆ ఒక్క వాక్యం వెనక ఎంతమందికి పండుగ లేకుండా పోతుందో మాకు తెలుసు. సంక్రాంతి రోజు పెద్ద బట్టల షాపులు, మాల్స్‌లోని షోరూములు మూసి ఉంచాలని మా విన్నపం. అలా మూస్తే యజమానులకు పోయేది చాలా తక్కువ. ఎందుకో చెబుతాం.

కొత్త బట్టలు కట్టుకునేది పండుగ పొద్దున. చీర కొన్నాక ఫాల్, పీకో చేయించాలి, జాకెట్టు కుట్టించాలి. కుట్టేవాళ్లేమో భోగికి చాలా రోజుల ముందే కొత్త పని ఒప్పుకోవడం మానేస్తారు. అందుకే చీరల ఫ్లోరులో రద్దీ అన్నిటికంటే ముందు పెరిగి, ముందే తగ్గిపోతుంది. తర్వాత పిల్లల రెడీమేడ్లు, చివర్లో మగవాళ్ల చొక్కాలు, పంచెలు. భోగి రాత్రితో ఈ వరస ముగుస్తుంది. సంక్రాంతి మధ్యాహ్నం మెట్లెక్కేవాళ్లలో సైజు మార్చుకోవడానికి వచ్చినవాళ్లుంటారు, వారం తర్వాతైనా కొనేవాళ్లుంటారు. ఆ రోజు గల్లాలో పడే డబ్బులో చాలా భాగం ఎలాగూ ఆ నెలలో రావాల్సిందే.

ఖర్చు మాత్రం తగ్గదు. మూడంతస్తుల షాపు మధ్యాహ్నం 2 గంటలకు తెరవాలన్నా ఫ్లోరుకు నలుగురు చొప్పున 12 మంది అమ్మేవాళ్లు, బిల్లింగ్‌కు ముగ్గురు, డెలివరీ కౌంటరులో ఇద్దరు, సెక్యూరిటీకి ఇద్దరు, ఊడ్చి తుడవడానికి ఇద్దరు, పార్కింగ్‌కు ఒకరు, ఎలక్ట్రీషియన్ ఒకరు కావాలి. ఇంతకంటే తగ్గిస్తే షాపు నడవదు. వీళ్లంతా పన్నెండున్నరకే రావాలి. ముందురోజు భోగి రాత్రి 11 గంటలకు షట్టర్ దించినా పని అయిపోదు. విప్పి చూపించిన చీరలన్నీ మళ్లీ మడతపెట్టి అరల్లో సర్దాలి, నగదు లెక్క సరిచూడాలి, కార్డు మెషీన్ల మొత్తం బిల్లులతో కలవాలి. గది చేరేసరికి అర్ధరాత్రి దాటి ఒంటిగంట. పేరుకు పండుగ పూట సెలవే అయినా అది నిద్రలోనే గడిచిపోతుంది.

‘సంక్రాంతికి రండి, బదులుగా కనుమకు సెలవు తీసుకోండి’ అనడం అన్నిచోట్లా ఉన్నదే. ఇది పైకి న్యాయంగా కనిపిస్తుంది, నిజానికి పనికిరాదు. సంక్రాంతి రాత్రి షాపు మూసి బస్సెక్కినవాళ్లు శ్రీకాకుళం చేరేసరికి కనుమ మధ్యాహ్నం అవుతుంది. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు మనవాళ్లు. ఆ రోజే తిరుగు ప్రయాణం కట్టకపోతే ముక్కనుమ డ్యూటీకి చేరుకోలేరు. చివరికి చాలామంది ఊరికి వెళ్లడమే మానుకుంటారు.

చట్టం ఏమంటోందో కూడా చూడాలి. 1974 నాటి జాతీయ, పండుగ సెలవుల చట్టం ప్రకారం పండుగ సెలవు రోజు పని చేయిస్తే రెట్టింపు వేతనమైనా ఇవ్వాలి, లేదా ఆ రోజు వేతనంతో పాటు వేతనంతో కూడిన మరో సెలవైనా ఇవ్వాలి. తెలంగాణలో 2023 ఏప్రిల్‌లో ఏడాదికి రూ.10,000 రుసుముతో షాపులు 24 గంటలూ తెరుచుకునే వీలు కల్పించినప్పుడు కూడా వారపు సెలవు, ఓవర్‌టైమ్ వేతనం, పండుగ రోజు పనికి బదులు సెలవు షరతులుగానే పెట్టారు. అనుమతి మాత్రం అందరికీ గుర్తుంది, షరతులు ఎవరికీ గుర్తులేవు.

అమలులో దెబ్బ తగిలేది మూడు చోట్ల. పొద్దున మీటింగులో అందరి ముందు ‘ఎవరెవరు వస్తారు?’ అని అడిగితే కాదనే ధైర్యం ఎవరికీ ఉండదు. దాన్ని సమ్మతి అనకూడదు. బదులు సెలవును రిజిస్టరులో రాయకుండా నోటిమాటగా చెబితే పెళ్లిళ్ల సీజను వచ్చాక అది గాలికి పోతుంది. అన్నిటికంటే అన్యాయం బ్రాండ్ల తరఫున ఏజెన్సీ ద్వారా వచ్చి మన ఫ్లోరులో నిలబడేవాళ్లకు. వాళ్ల పేరు షాపు హాజరు పట్టీలో ఉండదు, రెట్టింపు వేతనం ఎవరివ్వాలో తేలదు.

తెరిచి తీరాలనుకునే యజమానులు కనీసం తేదీలైనా చూసుకోవాలి. రైలు రిజర్వేషన్ ప్రయాణానికి 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. జనవరి 13న బయలుదేరాలంటే టికెట్టు నవంబరు 14న తీసుకోవాలి. పండుగ డ్యూటీ చార్టు జనవరి మొదటి వారంలో గోడకు అంటిస్తే సీట్లు ఎప్పుడో అయిపోయి ఉంటాయి, ప్రైవేటు బస్సుల ధరలు చుక్కల్లో ఉంటాయి. కాబట్టి నవంబరు 10 లోపు చార్టు రావాలి. సమ్మతి విడివిడిగా, రాతపూర్వకంగా తీసుకోవాలి. నగరంలోనే ఇల్లున్నవాళ్లు, సంక్రాంతి జరుపుకోనివాళ్లు రెట్టింపు జీతానికి ఇష్టంగా ముందుకొస్తారు, ముందుగా వాళ్లను అడగాలి. పోయిన ఏడాది చేసినవాళ్లకు ఈ ఏడాది మినహాయింపు ఇవ్వాలి. రానివాళ్ల ఇన్సెంటివ్‌లో, హాజరు బోనస్‌లో కోత పెట్టకూడదు.

పోటీ షాపు తెరిస్తే మేమెలా మూస్తాం అంటారు యజమానులు. ఆ భయం నిజమే, అందుకే అందరూ కలిసి మూయాలంటున్నాం. అమెరికాలో కుటుంబాలన్నీ కలిసి భోంచేసే థ్యాంక్స్‌గివింగ్ పండుగ గురువారం నాడు దుకాణాలవాళ్లు ఒకరిని చూసి ఒకరు సాయంత్రానికే తలుపులు తెరిచే స్థితికి వచ్చారు. 2020లో కోవిడ్ కారణంగా వాల్‌మార్ట్, టార్గెట్ అనే పెద్ద దుకాణాల సంస్థలు ఆ రోజు మూసేశాయి. ఇకపై ఎప్పటికీ మూసే ఉంచుతామని 2021లో టార్గెట్ ప్రకటించింది. మసాచుసెట్స్, మెయిన్, రోడ్ ఐలండ్ రాష్ట్రాల్లోనైతే పెద్ద దుకాణాలు ఆ రోజు తెరవకుండా చట్టమే ఉంది.

మందుల షాపులు, పాల బూత్‌లు, పెట్రోల్ బంకులు, వీధి చివర కిరాణా కొట్లు తెరిచే ఉండాలి, వాటి గురించి మేం అనడం లేదు. కనుమ నాడు మాంసం దుకాణం మూయమని కూడా ఎవరూ అడగరు. బట్టల షాపుల యజమానుల సంఘాలు అక్టోబరులోనే కూర్చుని సంక్రాంతి ఒక్కరోజు మూసివేతపై నిర్ణయం తీసుకోవాలి, కార్మిక శాఖ అధికారులు ఆ సమావేశానికి రావాలి. ఏజెన్సీ సిబ్బంది పండుగ వేతనం బాధ్యత షాపుదా బ్రాండుదా అన్నది అక్కడే రాసుకోవాలి.

— వస్త్ర దుకాణాల ఫ్లోర్ మేనేజర్లు కొందరు, హైదరాబాద్