ఆరు నిమిషాల రాజమహేంద్రవరం: పర్యాటక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

గోదావరి గట్టు మీద యాత్రికులకు ఊరు చూపించే కొందరం కలిసి రాసుకుంటున్న లేఖ ఇది.

ఇంతకుముందు మూడు అర్జీలు పెట్టుకున్నామండి. మొదటిదానికి రసీదు ఇచ్చారు. రెండోదానికి పరిశీలనలో ఉందన్నారు. మూడోదానికి ఏకంగా ఫోనుకే మెసేజ్ వచ్చింది, మీ అర్జీ పరిష్కరించబడినది అని. ఆ పరిష్కారం ఏమిటో కూడా అందులోనే ఒక ముక్క రాసి ఉంటే మేమూ సంతోషించేవాళ్ళం. నాలుగోది ఇలా నలుగురూ చదివేలా రాస్తున్నందుకు మన్నించండి.

మీ శాఖ బస్సులో తిప్పే సగంరోజు నగర దర్శనం గురించి మీకు కొత్తగా చెప్పాల్సింది లేదు. దాని లెక్క మాత్రం మీ దాకా ఎవరూ తెచ్చి ఉండరు. ఒక్కసారి చిత్తగించండి.

బస్సు తొమ్మిదిన్నరకు బయల్దేరి ఒంటిగంటన్నరకు తిరిగి రావాలి. అంటే 240 నిమిషాలు. కరపత్రంలో వేసిన చోట్లు తొమ్మిది: రాళ్ళబండి సుబ్బారావు మ్యూజియం, దామెర్ల రామారావు బొమ్మల గ్యాలరీ, వీరేశలింగం గారి ఇల్లు, మార్కండేయస్వామి గుడి, పుష్కర ఘాట్, కోటిలింగాల రేవు, ఇస్కాన్ గుడి, ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం-బ్యారేజీ కలిపి ఒకటి, చివర కడియం నర్సరీలు. ఊళ్ళో తిరగడానికీ, ధవళేశ్వరం మీదుగా కడియం వెళ్ళి రావడానికీ కలిపి 95 నిమిషాలు పడుతుంది, అదీ దారిలో పెళ్ళి ఊరేగింపు అడ్డం రాకపోతే. బస్సులో ముప్పై మంది ఉంటారు. అందులో కర్ర పట్టుకున్న పెద్దవాళ్ళుంటారు, చంకలో పిల్లలతో వచ్చినవాళ్ళుంటారు. అందరూ దిగడానికి ఐదు నిమిషాలు, తలలు లెక్కపెట్టి మళ్ళీ ఎక్కించడానికి ఐదు. తొమ్మిది చోట్లకు తొంభై. 95, 90 కలిపితే 185. మిగిలింది 55. దాన్ని తొమ్మిదితో భాగిస్తే ఒక్కో చోటికి ఆరు నిమిషాలు, చిల్లర.

నన్నయ భారతం మొదలుపెట్టిన ఊరండి ఇది. ఆరు నిమిషాల్లో ఆయన పద్యం ఒకటి రాగం తీసి చదవడమే కష్టం.

పోనీ ఆ ఆరు నిమిషాలైనా సరైన వేళలో ఇస్తారా అంటే, అదీ లేదు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు జనాన్ని తీసుకెళ్ళి మ్యూజియం గదుల్లో పెడతారు. పన్నెండు గంటలకు, ఎండ నెత్తిన నిలబడ్డాక, రేవులో దింపుతారు. మనది తూర్పు ఒడ్డు, రేవు మెట్లు పడమటి ముఖం. పొద్దున ఆరింటికి ఎండ వీపు వెనక నుంచి వచ్చి నేరుగా నీళ్ళ మీద, వంతెనల మీద పడుతుంది. కంటికీ ఫొటోకూ అదే వేళ, ఇంకోటి లేదు. అదే పన్నెండింటికి చెప్పులు విడిచి రెండు మెట్లు దిగండి, మూడో మెట్టుకు అరికాలు అంటుకుపోతుంది. తలమీద నీళ్ళు చల్లుకుందామని దిగినవాళ్ళు గెంతుకుంటూ పైకొస్తారు. గుడి దగ్గరికి వెళ్ళేసరికి తలుపులు వేసే వేళ. ఇదంతా డబ్బు పెడితే గానీ బాగుపడని సంగతి కాదే! వరస తిరగేస్తే చాలు. గట్టు ముందు, గదులు తర్వాత. గదుల్లో చూసేవి పదకొండింటికి చూసినా అవే. (కడియం చివర పెట్టడంలో మాత్రం తప్పు లేదు. మొక్కలు ముందే కొంటే బస్సులో మాడిపోతాయి. ఆ ఒక్కటీ ఎవరో తెలిసినవాళ్ళే రాశారు.)

ఇక వంతెనల సంగతి. కరపత్రంలో వాటి ఊసే లేదు. కిటికీలోంచి కనిపిస్తాయి కదా అని కాబోలు. అయ్యా, గట్టు మీద ఒక్కచోట నిలబడితే నూరేళ్ళ ఇంజినీరింగు మూడు వరసల్లో కనిపించే ఊరు దేశంలో ఎన్ని ఉంటాయి? 1900లో రైళ్ళకు తెరిచిన హేవలాక్ వంతెన, 1974లో వచ్చిన రోడ్డు-రైలు వంతెన, 1997లో వచ్చిన ఆర్చి వంతెన. హేవలాక్‌కు 56 స్పాన్లు, అంటే స్తంభాల మధ్య ఖాళీలు. ఆర్చి వంతెనకు 28, సరిగ్గా సగం. ఈ ఒక్క మాట చెప్పి పిల్లల్ని లెక్కపెట్టమంటే చాలు, ఇరవై నిమిషాలు కదలరు. ఎందుకు సగమైందో అప్పుడు చెప్పాలి: ఆ రోజుల్లో ఇక్కడ వేసిన ఇనుప దూలం దాటిన దూరానికి దాదాపు రెండింతలు, అంటే వంద మీటర్ల దాకా, ఈ రోజుల్లో విల్లులా వంచిన కాంక్రీటు ఏ ఆసరా లేకుండా దాటేసింది, అందుకే ఏట్లో స్తంభాలు తగ్గాయి. ఆ తర్వాత మాట్లాడటం ఆపి ఒక రైలు వచ్చేదాకా ఆగాలి. పైన బస్సులు, కింద రైలు నడిచే ఇనుప వంతెన మీద మోత ఒక రకం, కాంక్రీటు మీద మోత ఇంకో రకం. పక్కన హేవలాక్ రైళ్ళు ఆగిన 1997 నుంచీ చప్పుడు లేకుండా నిలబడి ఉంటుంది. ఇంత చూపించడానికి ఒక మనిషి, ఒక చెట్టు నీడ ఉంటే చాలు. మీ బస్సు ఆ చెట్టు దగ్గర ఆగదు, ఎందుకంటే అది తొమ్మిదింట్లో లేదు.

మనిషి అన్నాను కదా, అసలు బాధ అక్కడే ఉందండి. గైడు ఉంటాడని టికెట్ మీద అచ్చేశారు. బస్సులో ఉండేది ఒక రికార్డు గొంతు. అదీ బస్సు ఆలస్యమైనా ఆగదు, ముందున్నా ఆగదు. దామెర్ల గ్యాలరీ గురించి చెబుతున్నప్పుడు కిటికీలో కూరగాయల సంత కనిపిస్తుంది. ఆ రికార్డు పాడైన రోజున క్లీనరు కుర్రాడే గైడు. వాణ్ణి మేము తప్పుపట్టం, వాడికి ఎవరూ నేర్పలేదు. కానీ వాడు చెప్పేదేమిటో వినండి. ధవళేశ్వరంలో ఇనుప గేట్లు చూపించి "ఇది కాటన్ దొర కట్టిందండి" అంటాడు. కాటన్ 1847లో మొదలుపెట్టి 1852కు పూర్తి చేసింది రాతి ఆనకట్ట. ఈ గేట్ల బ్యారేజీ దాని స్థానంలో మన ప్రభుత్వమే వందేళ్ళ పైచిలుకు తర్వాత కట్టుకున్నది. సంకల్పంలో కాటన్ పేరు చెప్పే పురోహితులున్న జిల్లాలో, ఆయన కట్టింది ఏది, కట్టనిది ఏది అన్నదైనా సరిగా చెప్పాలి కదా.

పైగా ధవళేశ్వరం దగ్గర దింపి చూపించేది నదిలో ఒక్క పాయ. అవతల ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని బ్యారేజీకి ఇంకో మూడు భాగాలున్నాయనీ, మధ్యలో లంకలు, అంటే ఏటి దీవులు, ఉన్నాయనీ, నాలుగూ కలిపితేనే 175 గేట్లనీ చెప్పేవాడు లేడు. ఏరు అంత వెడల్పున్న చోటే కాటన్ ఆనకట్ట ఎందుకు కట్టాడో చెప్పేవాడూ లేడు. లంకలు అడ్డం ఉండబట్టే నీళ్ళలో కట్టాల్సిన రాతిపని తగ్గింది. రాయి పక్కనే ధవళేశ్వరం కొండలో దొరికింది, దాన్ని మోయడానికి పట్టాలు కూడా వేశారు. చూసేవాణ్ణి ఎగువ వైపు తిప్పి చెరువులా నిలబడ్డ నీళ్ళు చూపించి, దిగువ వైపు తిప్పి ఇసుక తిన్నెలు చూపించి, కాలవ మొదట్లో తూములు చూపిస్తే, పది లక్షల ఎకరాల డెల్టా ఎక్కణ్ణుంచి తాగుతోందో ఒక్క నిలబాటులో అర్థమవుతుంది. దానికి ఇరవై నిమిషాలు కావాలి. మీరిచ్చింది ఆరు, అందులో నాలుగు కాటన్ విగ్రహం దగ్గర సెల్ఫీలకు పోతాయి.

ఇంకొకటి. సారంగధరుడి మెట్ట పేరు రాగానే రికార్డు గొంతు సవతితల్లి చిత్రాంగి కథ ఎత్తుకుంటుంది, ఈ ఊరు ఏలిన రాజరాజనరేంద్రుడు సొంత కొడుకు సారంగధరుడి కాళ్ళూ చేతులూ నరికించాడని, అదేదో నిన్న పేపర్లో వచ్చినట్టు. అది కథ అని ఒక్క ముక్క చేర్చండి చాలు. అసలు చరిత్ర అంతకంటే రుచిగా ఉంది. రాజరాజనరేంద్రుడి తల్లి కుందవ్వ, తంజావూరు పెద్దగుడి కట్టించిన రాజరాజచోళుడి కూతురు. ఆయన భార్య అమ్మంగదేవి, రాజేంద్రచోళుడి కూతురు. వాళ్ళ కొడుకే తర్వాత కులోత్తుంగ చోళుడై చోళ సింహాసనం ఎక్కాడు. తమిళనాడు నుంచి బస్సుల కొద్దీ వస్తారు మన రేవుకు. ఇది మీ అమ్మాయి కాపురానికొచ్చిన ఊరండీ అని చెప్పేవాడు లేక, పిండప్రదానం చేసుకుని, రోజ్‌మిల్క్ తాగి వెళ్ళిపోతున్నారు.

మ్యూజియంలోనూ అంతే. తూర్పు చాళుక్యుల రాగి శాసనం ఎలా ఉంటుందో తెలియనివాడికి అద్దాల పెట్టెలో ఉన్నది పాత సామాను. రేకులు ఎందుకు ఒక గుండ్రటి కడియానికి గుచ్చారు, ఆ కడియం ముద్ర మీద వరాహం ఎందుకుంది, 'శ్రీ త్రిభువనాంకుశ' అన్న బిరుదు ఎవరిది, అని వేలు పెట్టి చూపించాలి. రేకు అంచు కొంచెం పైకి లేపి ఉంటుంది, ఒకదానికొకటి రాసుకుని అక్షరాలు అరిగిపోకుండా. అది చూపిస్తే మనవడు తాత చెయ్యి వదిలి ముందుకొస్తాడు. ఆ వెంటనే నందంపూడి శాసనం సంగతి ఎత్తాలి. భారత రచనకు తోడ్పడ్డ నారాయణభట్టుకు రాజు ఊరు దానమిచ్చాడు, శాసనం రాసింది నన్నయ, ఆ నందంపూడి ఇప్పటికీ కోనసీమలో కొబ్బరితోటల మధ్య ఉంది. బస్సులో కనీసం ఇద్దరు ఆ వైపువాళ్ళే ఉంటారు!

వీరేశలింగం గారి ఇంటి దగ్గర జరిగేది వేరు. సందు బస్సుకు పట్టదు. బస్సు మెయిన్‌రోడ్డు మీద ఆగుతుంది, అక్కణ్ణుంచి నడవాలి. ఆరు నిమిషాల్లో నడిచి వెళ్ళి, చూసి, నడిచి రావాలి కాబట్టి సగం మంది దిగనే దిగరు. దిగినవాళ్ళు గుమ్మం దగ్గర ఫొటో తీసుకుని వెనక్కి పరుగెత్తుతారు. 1881 డిసెంబర్ 11న ఈ ఊళ్ళో మొదటి వితంతు వివాహం జరిగినప్పుడు ఆ పెళ్ళికి ఎందరు రావడానికి భయపడ్డారో, ఆ ఇంట్లో నిలబడి వింటే ఒకలా ఉంటుంది, బస్సు కిటికీ దగ్గర ఇంకోలా ఉంటుంది. పాత ఊళ్ళోకి బస్సు వద్దండి. పదిహేను మందికి ఐదు ఆటోలు చాలు. ఆటోవాళ్ళకూ నాలుగు డబ్బులొస్తాయి, సందుల పేర్లు వాళ్ళకే బాగా తెలుసు.

దామెర్ల రామారావు 28 ఏళ్ళు నిండకుండానే 1925లో పోయాడు. ఆయన బొమ్మలకు మీరు కేటాయించిన వ్యవధి గురించి ఇంక మాట్లాడం.

వారపు సెలవులు, మధ్యాహ్నం మూతలు చూసుకోకుండా టికెట్లు అమ్మడం, తాగునీళ్ళు లేకపోవడం, నాలుగు గంటల దారిలో ఆడవాళ్ళకు వాడుకోదగ్గ మరుగుదొడ్డి ఒక్కటే ఉండటం, దానికీ తాళం ఉండటం, ఇవన్నీ మొదటి అర్జీలోనే ఉన్నాయి. ఆ రసీదు మా దగ్గర భద్రంగా ఉంది.

బోటు షికారు సంగతి మాత్రం చెప్పాలి. టికెట్లో బోటు డబ్బు కలిపే తీసుకుంటున్నారు. జూలై నుంచి సెప్టెంబరు దాకా ఏరు ఎప్పుడు పెరుగుతుందో తెలియదు. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. వరదలో బోటు ఆపడం మంచిదే, ఆపి తీరాలి. 2019 కచ్చులూరు బోటు ప్రమాదం ఎవరూ మర్చిపోలేదు. కానీ ఆపిన రోజు ఆ డబ్బు వెనక్కి ఇవ్వరేం? భద్రాచలంలో నీటిమట్టం చూస్తే ఇక్కడికి వరద రావడం ముందే తెలుస్తుంది. ఆ పొద్దున్నే టికెట్లోంచి బోటు తీసేసి అమ్మవచ్చు. పిల్లల సైజు లైఫ్ జాకెట్లు కూడా పెట్టించండి. పెద్దవాళ్ళ జాకెట్ తొడిగితే ఆరేళ్ళ పిల్ల అందులోంచి కిందికి జారిపోతుంది.

2027లో మళ్ళీ పుష్కరాలు. 2015 జూలై 14 పొద్దున పుష్కర ఘాట్‌ తొక్కిసలాటలో ఏం జరిగిందో మీకూ తెలుసు, మాకూ తెలుసు. గోదావరి అంటే ఆ ఒక్క రేవే అని ఏళ్ళ తరబడి వచ్చేవాళ్ళకు నేర్పింది మనమే. ప్రతి బస్సునూ అక్కడే దింపి, అక్కడే ఎక్కించి, మిగతా రేవుల పేర్లు కూడా చెప్పకపోతే, పుష్కరాల రోజున ఏ మైకులో అరిచినా జనం అక్కడికే వస్తారు. గట్టు వెంట నడిపించి, ఇదీ గోదావరే, ఇక్కడా అదే నీళ్ళు, అని ఇప్పటి నుంచే చూపించాలి. ఆ పని గైడుదే, రికార్డు చెయ్యలేదు.

మేము అడిగేది పెద్దదేం కాదు. మనిషిని పెట్టండి, వేళ మార్చండి, చోట్లు తగ్గించండి. మనుషులు ఈ ఊళ్ళోనే ఉన్నారు. పొద్దున గట్టు నడక ఒక టికెట్, సాయంత్రం ధవళేశ్వరం ఒక టికెట్ పెట్టినా మాకు అభ్యంతరం లేదు, జీతం మీరే నిర్ణయించండి. నేర్పమంటే నేర్పుతాం. ఆ క్లీనరు కుర్రాడికే ముందు నేర్పుతాం, గొంతు బాగుంది.

ఇదీ కుదరదంటే ఒక్క మనవి. ఏదో ఒక ఆదివారం కాన్వాయ్ లేకుండా, ఎవరికీ చెప్పకుండా, టికెట్ కొనుక్కుని ఆ బస్సెక్కండి. వీరేశలింగం గారి ఇంటి దగ్గర దిగండి. హారన్ కొట్టేలోగా వెనక్కి రావాలి, లేకపోతే బస్సు కదిలిపోతుంది. మీరైనా అంతే.

ఇట్లు,
గట్టు మీద యాత్రికులకు ఊరు చూపించే కొందరం,
రాజమహేంద్రవరం