వాన ఈసారి మీ వైపు చూస్తోంది

ఆమదాలవలస దగ్గర, మన ఊరు
మంగళవారం రాత్రి

అమ్మలూ,

నిన్నటి నుంచి నువ్వు పంపిన వీడియోలన్నీ చూశాను. శ్రీకాకుళం మీద మహా తుపాను విరుచుకుపడబోతోందని ఒకడు, దానికి పేరు కూడా పెట్టేసి ఇంకొకడు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం! గాలి వేగం గంటకు 62 కిలోమీటర్లకు చేరి తుపాను అయితే గానీ వాతావరణ శాఖ పేరు పెట్టదు. ఇక్కడ ఇంకా అల్పపీడనమే పుట్టలేదు. ఫోన్లో చెబుదామంటే నన్ను మాట్లాడనివ్వవు, "రేపే మిషను పెట్టి వరంతా కోయించెయ్ నాన్నా" అంటావు. అందుకే కాగితం మీద రాసి, ఫొటో తీయించి వాట్సాప్‌లో పెడుతున్నాను. తీరిగ్గా చదువు.

సాయంత్రం వాతావరణ శాఖ బులెటిన్‌లో ఉన్నది ఇదీ. గురువారానికి దక్షిణ అండమాన్ సముద్రం దగ్గర అల్పపీడనం ఏర్పడొచ్చు. అది పడమర, వాయవ్య దిశల్లో కదిలి, వారం చివరికి వాయుగుండమై తమిళనాడు తీరం వైపు వెళ్లొచ్చు. మన ఉత్తర కోస్తాకు శనివారం దాకా పొడి వాతావరణమే. ఆది, సోమవారాల్లో ఒకటి రెండు చోట్ల తేలికపాటి వాన. ఆ "ఒకటి రెండు చోట్ల" అన్న మాటకు వాళ్ల దగ్గర లెక్క ఉంది, నాలుగో వంతు ప్రాంతానికి మించదని అర్థం. "చాలా చోట్ల" అంటే సగానికి పైమాటే. "భారీ వర్షం" అనాలంటే ఒక్క రోజులో ఆరున్నర సెంటీమీటర్లు పడాలి. ఆ మాటలేవీ మన జిల్లాకు ఈ వారం రాయలేదు. వీడియోలవాళ్లు ఈ మాటలు చదవరు, మ్యాపులో ఎరుపు రంగు ఎక్కడుందో చూసి కేక పెడతారు.

నీ భయం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు నువ్వింకా బడిపిల్లవి. ఉద్దానంలో అత్త వాళ్ల కొబ్బరితోట చూడటానికి వెళ్లి, పడిపోయిన చెట్ల మధ్య నడవడానికి దారి లేక నా చెయ్యి పట్టుకుని నిలబడిపోయావు. జీడితోటలదీ అదే గతి. ఆ తరువాత 2021 సెప్టెంబరులో గులాబ్ కళింగపట్నం దగ్గరే తీరం దాటింది. అవి రెండూ ఏ నెలల్లో వచ్చాయో చూడు. కార్తీకం వెళ్లాక సముద్రం ధోరణి మారుతుంది. సూర్యుడు దక్షిణానికి జరిగాక అల్పపీడనాలు కూడా బాగా కిందనే పుడతాయి. అక్కడ పైన వీచే తూర్పుగాలులు వాటిని ఎక్కువగా తమిళనాడు, నెల్లూరు వైపు తోస్తాయి. ఒకవేళ మన వైపు ఎక్కి వచ్చినా, వాయవ్యం నుంచి దిగే పొడి చలిగాలి తగిలి నీరసపడటమో, బంగ్లాదేశ్ దిక్కుకు మళ్లిపోవడమో ఎక్కువ. 2021 డిసెంబరులో జవాద్ అంటూ మన జిల్లాలన్నిటికీ హెచ్చరికలు ఇచ్చారు, ఎన్నో రైళ్లు రద్దు చేశారు. చివరికి తీరం చేరేలోపే బలహీనపడింది. అలాగని నవంబరును నమ్మమని కాదు, దివిసీమ ఉప్పెన 1977లో నవంబరు 19నే వచ్చింది. 2023 డిసెంబరులో మిచాంగ్ ఎక్కడో బాపట్ల దగ్గర తీరం దాటినా మనకూ వానలు తెచ్చింది. అందుకే రోజూ రెండు పూటలా బులెటిన్ చూస్తాను.

ఇక కోతల సంగతి. మొత్తం ఒకేసారి కోయించను. మెరక మడుల్లో శ్రీకాకుళం సన్నాలు పండిపోయాయి, రేపే కోత. మిషను వద్దు. గడ్డి నలిగిపోతే ఆవులు ముట్టవు, మనుషులతోనే కోయిస్తాను. కోసి పరిచిన పనలు నాలుగు రోజులు ఎండితే శనివారం పొద్దు వాలేసరికి కుప్ప పడిపోతుంది. కంకులు లోపలికి, మొదళ్లు బయటికి పెట్టి, పైన గడ్డి సరిగ్గా కప్పితే చిన్నాచితకా వాన కుప్పను ఏమీ చెయ్యలేదు. భయమల్లా నేల మీద పరిచి ఉన్న పనలకే. పైన ఎండినట్టే ఉంటుంది, తిరగేస్తే కింద మంచుకు చెమ్మగా, వేడిగా ఉంటుంది. దాని మీద వాన పడి రెండు రోజులు మబ్బు పట్టిందా, గింజ మొలక వేస్తుంది. ఒకవేళ తడిస్తే లీటరు నీళ్లకు 50 గ్రాముల ఉప్పు కలిపి పనల మీద చల్లితే మొలక ఆగుతుంది. ఉప్పు బస్తా ఇంట్లో ఉంది, దానికీ కంగారు పడకు.

పల్లం మడుల్లో పైరు ఇంకా నిలబడే ఉంది, పడలేదు. గింజ కొరికితే ఇంకా మెత్తగా తెగుతోంది, 'టక్' మనడం లేదు. దాన్ని ఇప్పుడు కోసి ఏం చేసుకోను? తేమ 17 శాతం మించితే ధాన్యం కొనుగోలు కేంద్రంలో తీసుకోరు, మళ్లీ రోడ్డు మీద ఆరబెట్టుకుని లారీలవాళ్లతో తిట్లు తినాలి. పైగా కోతకు రెండు మూడు రోజుల ముందు అందులో మినుములు చల్లాలి. వాటికి నేలలో పదును కావాలి. ఆదివారం నాలుగు చినుకులు పడితే మినుముకు మేలే. ఒకే వాన మెరక మడికి శత్రువు, పల్లం మడికి చుట్టం. ఇది నీ యాప్‌కి ఎలా తెలుస్తుంది చెప్పు?

పొద్దున్నే ఉత్తరపు గాలి వీస్తోంది, తొమ్మిది దాకా మంచు వదలడం లేదు. మీ అమ్మ అప్పుడే దుప్పట్లు ఎండలో వేసింది. ఆ గాలి తూర్పుకు మళ్లి ఒళ్లు జిడ్డుగా అనిపించిన రోజు నేనే నీకు ఫోన్ చేస్తాను.

అసలు రాయాలనుకున్నది ఇప్పుడు రాస్తున్నాను. వానగండం ఉన్నది మాకు కాదు, నీకు. చెన్నైకి పెద్ద వానలు పడే కాలమే ఇది. 2015 డిసెంబరులో అడయారు పొంగి ఊరు ఎలా మునిగిందో టీవీలో చూశాం. మిచాంగ్ కూడా మన తీరానికి వచ్చే ముందు చెన్నైని ముంచే వచ్చింది. నువ్వున్నది వేళచ్చేరిలో, అదీ కింద వాటా. పక్క వీధిలో మోకాలి లోతు నీళ్లు నిలుస్తాయని నువ్వే చెప్పావు. శుక్రవారం లోపే తాగే నీళ్లు పట్టి పెట్టుకో, పవర్ బ్యాంకు ఛార్జి చేసుకో, సర్టిఫికెట్లు ప్లాస్టిక్ కవరులో పెట్టి పై అలమరలో పెట్టు. స్కూటీని సెల్లారులో వదలకు, ఇంటివాళ్లనడిగి ఎత్తున్న చోట పెట్టు. నీళ్లు లోపలికొస్తే ముందు మెయిన్ స్విచ్ కట్టెయ్యి, తరువాతే సామాను. పై అంతస్తులో ఉన్న మీ ఆఫీసు అమ్మాయిని ఇప్పుడే అడిగి ఉంచు, అప్పటికప్పుడు మొహమాటం పనికిరాదు.

ఆదివారం రైలెక్కి వస్తానన్నావు కదా, వద్దు. కోతలకు మనుషులు దొరికారు. ట్రాకు మీదకు నీళ్లొస్తే నువ్వు ఏ గూడూరులోనో కూర్చుంటావు, ఇక్కడ మీ అమ్మ అన్నం మానేస్తుంది. ఆ వానగండం దాటాక, వచ్చే వారం టికెట్ తీసుకో. అప్పటికి పల్లం మడి కోతకు వస్తుంది, సరదా తీరా కొయ్యి.

శనివారం రాత్రి ఫోన్ చెయ్యి. కుప్ప పడిందో లేదో నేను చెబుతాను, స్కూటీ ఎక్కడ పెట్టావో నువ్వు చెప్పు.

ఆశీస్సులతో,
నాన్న