మమ్మల్ని సైకిలెక్కించి పిట్స్‌బర్గ్ దాకా నడిపించిన అందరికీ కృతజ్ఞతలు

అమెరికా నుంచి తిరిగొచ్చి నిద్ర ఇంకా సరిగ్గా కుదురుకోలేదు, సూట్‌కేసులు హాల్లోనే ఉన్నాయి. అయినా ఈ నాలుగు మాటలు రాయకుండా ఇంకో రోజు గడపడం నాకు ఇష్టం లేదు. నేనూ మావారూ, ఇద్దరం యాభై దాటినవాళ్ళం, మేరీల్యాండ్‌లోని కంబర్లాండ్ నుంచి పెన్సిల్వేనియాలోని పిట్స్‌బర్గ్ దాకా 240 కిలోమీటర్లు సైకిళ్ళ మీద వచ్చాం. ఫోటోలు చూసిన చుట్టాలంతా "ఈ వయసులో ఎంత ధైర్యం" అంటున్నారు. మేం ధైర్యం చేసేలా మమ్మల్ని తయారుచేసిన వాళ్ళున్నారు. వాళ్ళలో ముఖ్యులు విజయవాడ, గుంటూరుల్లోనే ఉన్నారు. వాళ్ళ గురించి పదిమందికీ తెలియాలి.

ముందు ఆ దారి సంగతి చెప్తాను. దాని పేరు గ్రేట్ అలెగేనీ పాసేజ్. వెస్టర్న్ మేరీల్యాండ్ రైల్వే 1912లో కొండల మధ్య నుంచి నడిపిన లైను ఒకటి 1975లో మూతపడింది. ఆ పాత రైలు కట్టల మీద పట్టాలు, స్లీపర్లు తీసేసి, సున్నపురాయి పొడి పరిచి, గట్టిగా దిమ్మిస చేసి సైకిళ్ళకీ నడిచేవాళ్ళకీ వదిలేశారు. ఇలాంటి దారుల్ని అక్కడ రైల్ ట్రైల్ అంటారు. 1986లో ఒహాయోపైల్ దగ్గర మొదటి ముక్క తెరిస్తే, చివరి ముక్క పూర్తయ్యేసరికి 2013 వచ్చింది. మోటారు బళ్ళని రానివ్వరు. మాలాంటి వాళ్ళకి అసలు మేలు ఇంకోటుంది. ఇనప చక్రం ఇనప పట్టా మీద జారిపోతుంది కాబట్టి రైలు నిటారు ఎక్కుడు ఎక్కలేదు, అందుకని ఆనాటి ఇంజనీర్లు కొండ అడ్డమొస్తే సొరంగం తవ్వి, లోయ అడ్డమొస్తే వంతెన కట్టి, వంద అడుగుల దూరానికి రెండడుగులు కూడా ఎత్తు పెరగకుండా దారి వేశారు. ఇంజను కోసం వాళ్ళు పడ్డ ఆ పాట్లన్నీ వందేళ్ళ తర్వాత నా మోకాళ్ళకి కలిసొచ్చాయి.

మా విజయవాడ సత్యనారాయణపురంలో కూడా ఒకప్పుడు ఊరి మధ్య నుంచే రైలు పోయేది. పట్టాలు పీకేశాక అక్కడ బస్సుల కోసం వేసిన బీఆర్టీఎస్ రోడ్డు పడింది. అది చూసినదాన్ని కాబట్టేమో, రైలు కట్ట మీద చెట్ల నీడన సైకిలు తొక్కుకుంటూ పోవచ్చని మా అమ్మాయి ఫోన్లో చెప్పగానే మనసు అటే లాగింది.

మొదటి నమస్కారం గుంటూరు అక్కయ్యకీ బావగారికీ. పేర్లు రాయొద్దన్నారు, రాయను. వాళ్ళు మాకు చుట్టాలేమీ కారు. ఒక పెళ్ళి భోజనాల్లో పక్కపక్కన కూర్చున్నాం, నా మోకాళ్ళ గోడు విని అక్కయ్య, "నడిస్తే ఒంటి బరువంతా మోకాలి మీద పడుతుంది, సైకిలు మీద సగం బరువు సీటే మోస్తుంది, ఒకసారి డాక్టరుని అడిగి మొదలుపెట్టు" అంది. అంతటితో ఊరుకోలేదు. చలికాలమంతా ఆదివారం తెల్లవారుజామునే కారు వెనక సైకిళ్ళు కట్టుకుని గుంటూరు నుంచి సీతానగరం వచ్చేవాళ్ళు, మేం ప్రకాశం బ్యారేజీ దాటి వెళ్ళి కలిసేవాళ్ళం. అక్కణ్ణించి పశ్చిమ కాలవ వెంబడి రేవేంద్రపాడు, ఓపిక ఉన్న రోజు దుగ్గిరాల. నీళ్ళు వాటంతటవే పారాలి కాబట్టి కాలవ కట్ట కూడా రైలు కట్టలాగే చదును, ఎక్కడా ఆయాసం రాదు. దుగ్గిరాల లాకుల దగ్గర టీ తాగి వెనక్కి తిరిగేవాళ్ళం. పసుపు వచ్చే రోజుల్లో అయితే యార్డు ఇంకా దూరం ఉండగానే వాసన తగిలేది.

బావగారు మాకు నేర్పిన ఒక్క విషయం లేకపోతే ఈ ప్రయాణమే లేదు. మొదట్లో మావారు ముందు తొక్కేవారు. నేను వెనకబడిపోయేదాన్ని, ఆయన ఎక్కడో ఆగి నాకోసం చూసేవారు, నేను రొప్పుతూ చేరుకునేసరికి ఆయన విశ్రాంతి అయిపోయేది, మళ్ళీ బయల్దేరేవారు, నాకు మాత్రం నిమిషం కూడా విశ్రాంతి ఉండేది కాదు. నాలుగు వారాలు ఇలాగే జరిగితే నేను మానేసేదాన్నే. బావగారు అది గమనించి మావారిని పక్కకి పిలిచి, "ఇద్దరిలో నెమ్మదిగా తొక్కేవాళ్ళు ముందుండాలండీ. వాళ్ళ వేగమే ఇద్దరి వేగం" అని చెప్పారు. ఆ రోజు నుంచి నేనే ముందు. మాట్లాడుతూ తొక్కగలిగితేనే అది మన వేగమనీ, దాహం వేయకముందే నీళ్ళు తాగాలనీ, అలసట ఉన్నా లేకపోయినా అరగంటకోసారి దిగి నడుము చాపాలనీ అక్కయ్య చెప్పింది. కబుర్లు ఆగితే వేగం ఎక్కువైందని గుర్తు. మా పెళ్ళైన ఇన్నేళ్ళలో మేమిద్దరం అంత తీరిగ్గా మాట్లాడుకున్నది ఆ కట్ట మీదే. అక్కయ్యా, దీనికి మీ ఇద్దరికీ ఎంత చెప్పినా తక్కువే.

రెండో నమస్కారం గవర్నర్‌పేట సందులో సైకిలు షాపు భాయ్‌కి. గేర్ల సైకిళ్ళతో అడవిలో పడి వెళ్తున్నాం, పంక్చరు అయితే ఎవరూ ఉండరు అని చెబితే, మధ్యాహ్నం గిరాకీ లేని వేళ రమ్మని చెప్పి నన్నే కూర్చోబెట్టి నేర్పించాడు. ట్యూబు బయటికి తీయించి, గాలి కొట్టించి, బేసిన్‌లో నీళ్ళు పోసి కొంచెం కొంచెంగా ముంచుతూ బుడగ ఎక్కడొస్తోందో చూడమన్నాడు. చిల్లు మీద బాల్ పెన్నుతో పెద్ద ప్లస్ గుర్తు వేయించాడు, ఎందుకంటే చిన్న చుక్క పెడితే గరుకు కాగితంతో రుద్దేసరికి అది కాస్తా పోతుంది. తర్వాత సొల్యూషన్ పల్చగా రాసి ఆగమన్నాడు. నేను వెంటనే ప్యాచ్ వేయబోతే చెయ్యి అడ్డం పెట్టి, "తడి మీద వేస్తే ఊడొస్తుందమ్మా, వేలు పెడితే అంటీ అంటనట్టు ఉండాలి, అప్పుడు వెయ్యి" అన్నాడు. ట్యూబు తిరిగి పెట్టే ముందు టైరు లోపలంతా వేళ్ళతో మెల్లగా తడిమించాడు. ముల్లు లోపలే ఉండిపోతే కొత్త ప్యాచ్ వేసి లాభం లేదు కదా. ఇదంతా వచ్చేదాకా రమ్మన్నాడు, ఒక్క రూపాయి తీసుకోలేదు.

ఆ అమెరికా దారిలో కనెల్స్‌విల్ అనే ఊరు దాటాక నా వెనక చక్రం దిగిపోయింది. పక్కనే నది, దాంట్లోనే ట్యూబు ముంచాను. బుడగ కనిపించింది, ప్లస్ గుర్తు పెట్టాను, రుద్దాను, సొల్యూషన్ ఆరేదాకా ఆగాను. మావారు సైకిలు పట్టుకున్నారు తప్ప చెయ్యి వేయలేదు, నేనే వేయనివ్వలేదు. ప్యాచ్ ఫోటో భాయ్‌కి పంపిస్తే, విజయవాడలో అప్పుడు రాత్రి, అయినా వెంటనే వాయిస్ మెసేజ్ పెట్టాడు: "బాగుందమ్మా, గాలి ఇంకొంచెం కొట్టు." ఆ చక్రం పిట్స్‌బర్గ్ దాకా మళ్ళీ దిగలేదు భాయ్.

మా ఫిజియోథెరపిస్టు అమ్మాయికి కూడా చాలా థాంక్స్. తను నేర్పిన తొడ కండరాల వ్యాయామాలు రోజూ పొద్దున సైకిలెక్కే ముందు చేశాం. సీటు రెండంగుళాలు పైకి లేపమని చెప్పింది కూడా తనే, దాంతోనే నొప్పి సగం తగ్గింది.

ఇక అక్కడి వాళ్ళ సంగతి. మా అమ్మాయీ అల్లుడూ సెలవు పెట్టి మమ్మల్ని కంబర్లాండ్‌లో దింపారు. బసలు బుక్ చేశారు, మ్యాపులు ఫోన్లో వేశారు, పూటకోసారి తప్ప ఫోన్ చేయమని మాటిచ్చి నిలబెట్టుకున్నారు. టెన్షన్ పడుతూనే మా దారిన మమ్మల్ని వదిలిపెట్టారు, అది చిన్న విషయం కాదు. కంబర్లాండ్ నుంచి ఇంకోవైపు, వాషింగ్టన్ దాకా, 184.5 మైళ్ళ పాత కాలవ కట్ట మీద కూడా సైకిలు దారే ఉంది. ఒకప్పుడు కంచరగాడిదలు ఆ కట్ట మీద నడుస్తూ పడవల్ని తాళ్ళతో లాగేవట. మన కాలవల మీద ఆ పని మనుషులు చేసేవాళ్ళని మా తాతయ్య చెప్పేవారు.

మొదటి భాగమంతా ఎక్కుడే. కంబర్లాండ్ సముద్రమట్టానికి ఆరువందల అడుగుల పైచిలుకు ఎత్తులో ఉంటే, దారిలో అన్నిటికంటే ఎత్తైన చోటు 2,392 అడుగులు, మధ్య దూరం దాదాపు 38 కిలోమీటర్లు. మేం ఫ్రాస్ట్‌బర్గ్‌లో పడుకుని దాన్ని రెండు భాగాలు చేసుకున్నాం. అందాకా పక్కనే టూరిస్టు రైలు పట్టాలు కూడా ఉంటాయి. మర్నాడు బిగ్ శావేజ్ సొరంగం, కిలోమీటరు పొడవు, లోపల దీపాలున్నా చలి మాత్రం ఎముకల్లోకి పోయింది. అది దాటిన కాసేపటికి ఆ ఎత్తైన చోటు వచ్చింది. అక్కడ కురిసిన వానలో ఒక పక్కన పడింది అట్లాంటిక్ వైపు పోతుంది, రెండో పక్కన పడింది ఒహాయో, మిసిసిపీ నదుల్లో కలిసి మెక్సికో సింధుశాఖకి చేరుతుంది. అక్కణ్ణించి పిట్స్‌బర్గ్ దాకా అంతా మెల్లటి పల్లమే.

ఆ రాత్రి మయర్స్‌డేల్‌లో మాకు గది ఇచ్చిన ఇంటావిడకి నమస్కారం. మేం గుడ్డు కూడా తినమని తెలిసి ఏం పెట్టాలో పాలుపోక, వంటగది నాకు అప్పజెప్పింది. అన్నం, పప్పు వండి కందిపొడి తీశాను. పోపులో ఆవాలు చిటపటలాడుతుంటే పక్కనే నిలబడి చూసి, తనూ ఒక ప్లేటు పెట్టుకుంది.

రాక్‌వుడ్ దాటాక, చినుకులు పడుతుండగా, మావారి సైకిలు గొలుసు తెగింది. అది అద్దె సైకిలు, గొలుసు అప్పటికే బాగా అరిగి ఉంది. ఫోన్‌కి సిగ్నల్ లేదు, చుట్టూ అడవి, కింద నది. భాయ్ పాఠాల్లో గేరు గొలుసు లేదు. కాసేపటికి ఒక పెద్ద జంట వచ్చింది, డెబ్బై పైనే ఉంటాయి ఇద్దరికీ. ఆవిడ ముందు, ఆయన వెనక! అది చూసి నాకు బావగారే గుర్తొచ్చారు. ఆయన సంచిలోంచి చిన్న పనిముట్టు తీసి, వంగిపోయిన లింకు పిన్ను నొక్కి ఊడదీసి, దాని స్థానంలో క్విక్ లింక్ పెట్టి, పెడల్ ఒక్కసారి గట్టిగా తొక్కి బిగించారు. ఆవిడ ఫ్లాస్కులోంచి కాఫీ పోసింది. అంతటితో వెళ్ళిపోతే కూడా మేం జన్మంతా తలుచుకునేవాళ్ళం. మళ్ళీ తెగుతుందేమోనని కాన్‌ఫ్లూయెన్స్ ఊరి దాకా మా వెనకే, మా వేగంతోనే వచ్చారు. ఊళ్ళో రిపేరు షాపుకి తీసుకెళ్ళి, అద్దెకిచ్చిన వాళ్ళకి అక్కణ్ణించే ఫోన్ చేయించి, కొత్త గొలుసు ఖర్చు వాళ్ళే పెట్టుకునేలా ఆయనే మాట్లాడారు. మా ఇంగ్లీషుకి అంత వాదన కుదిరేది కాదు. వాళ్ళు తెలుగు చదవలేరు, ఈ పేరా అమ్మాయి చేత అనువాదం చేయించి పంపిస్తున్నాను.

ఆ దారిని ఒక్కో ఊరి దగ్గర ఒక్కో స్థానిక సంఘం చూసుకుంటుంది, పనిచేసేవాళ్ళలో ఎక్కువమంది జీతం లేని వాలంటీర్లే. ఒకచోట పడిపోయిన కొమ్మని రంపంతో కోస్తున్న ముసలాయన మమ్మల్ని చూసి పని ఆపి దారిచ్చాడు. ఆయనకీ, ఆయనలాంటి వాళ్ళందరికీ చేతులెత్తి మొక్కుతున్నాను. మన కాలవ కట్టల మీద కూడా లారీలు రాని ముక్క ఒక్కటి, సీతానగరం నుంచి దుగ్గిరాల దాకా చాలు, సైకిళ్ళకి వదిలితే ఎంతమంది వస్తారో! ఇప్పుడు ఎనిమిది దాటితే ట్రాక్టర్ల దుమ్ములో తొక్కలేం, అందుకే చీకటితో లేవాల్సి వస్తోంది. దీని కోసం ఎవరైనా అర్జీ పెడితే మొదటి సంతకం మాది.

పిట్స్‌బర్గ్‌లో రెండు నదులు కలిసి ఒహాయో నది అయ్యే చోట దారి ముగిసింది. మర్నాడు పెన్ హిల్స్ వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్ళి, ఇక్కడ రాసిన అందరి పేరునా అర్చన చేయించాం.

విజయవాడ, గుంటూరు వైపు యాభై దాటినవాళ్ళు, మోకాళ్ళ భయంతో ఆగిపోయినవాళ్ళు ఎవరైనా ఉంటే కామెంట్ పెట్టండి. వానలు తగ్గాక ఆదివారాలు మళ్ళీ మొదలుపెడతాం, అక్కయ్యా బావగారూ కూడా వస్తామన్నారు. సామాను బ్యాగులు రెండు జతలు, గాలి పంపు, ప్యాచ్ కిట్టు మా దగ్గరున్నాయి, అరువు ఇస్తాం. సైకిలు లేకపోతే మా అబ్బాయిది ఖాళీగానే ఉంది. దంపతులుగా వస్తే మరీ సంతోషం.