నువ్వు ఎన్నో భాగంలో ఉన్నావు?

తిరుపతి,
ఆదివారం మధ్యాహ్నం

ఒరే మచ్చా,

పోయిన వారం ఫోన్లో ఒక మాట అడిగి, నేను నోరు తెరిచేలోపే బస్సొచ్చిందని పెట్టేశావు. "పదకొండు సీరియళ్ళు ఒకేసారి ఎట్లా చదువుతావురా? ఏ కథ యాడ ఆపినావో తలలో ఎట్లా పెట్టుకుంటావు?" అని. ఫోన్లో చెప్పి తేల్చే సంగతి కాదిది. అందుకే కాగితం ముందేసుకుని కూర్చున్నా. ఇంట్లో అందరూ పడుకున్నారు, సాయంత్రం దాకా నన్ను లేపేవాళ్ళు లేరు.

తలలో పెట్టుకోను రా. ఒకప్పుడు పెట్టుకునేవాణ్ణి. కరెక్టుగా చెప్పాలంటే, ఫోన్ పెట్టుకుంటుందిలే అని వదిలేసేవాణ్ణి.

నా రోజు నీకు తెలిసిందే కదా. పొద్దున తిరుపతిలో బస్సెక్కితే చిత్తూరులో దిగేదాకా చదువే. చంద్రగిరి దాటేలోపు ఒక భాగం, పూతలపట్టు వచ్చేలోపు ఇంకోటి. కథలన్నీ ఒకే చోట ఉండవు. కొన్ని ప్రతిలిపిలో, కొన్ని వేరే యాప్‌ల్లో. ఒకటి రోజూ వస్తుంది, ఒకటి శనివారం శనివారం. ఒకామె మాత్రం నెల రోజులు కనపడక, ఉన్నట్టుండి ఒకే రాత్రి ఐదు భాగాలు వేస్తుంది. ఏ యాప్ తెరిచినా ఆపిన చోటికే తీసుకుపోతుంది కాబట్టి నాకు దిగులుండేది కాదు.

రెండేళ్ళ కింద నా ఫోన్ డిస్‌ప్లే పోయింది, గుర్తుందా? కొత్త ఫోన్ తీసుకుని యాప్‌లన్నీ మళ్ళీ ఎక్కించుకున్నా. వాటిల్లో ఒక యాప్, పేరెందుకులే, మెయిల్ ఐడీ ఏదీ ఇవ్వకుండానే వాడతా వచ్చాను. కొత్త ఫోన్లో తెరిస్తే నేనెవరో దానికి తెలీదు. లైబ్రరీ ఖాళీ. మదనపల్లె టమాటా మండీలో ఇద్దరు అక్కచెల్లెళ్ళ కథ చెప్పేవాణ్ణి చూడు, అది కూడా అందులోనే. వెతికితే కథ దొరికింది. నేను ఎన్నో భాగంలో ఉన్నానో మాత్రం దొరకలేదు. నూట నలభై చిల్లర అని లీలగా గుర్తు. అందాజుగా 143 తెరిచాను. మొదటి పేరాలోనే చెల్లెలు పొద్దున్నే మండీ తాళం తీసి, గోడమీద పటానికి కొత్త దండ వేస్తోంది. పటంలో ఉండేది అక్క.

నేను చదివిన చోట అక్క బతికే ఉంది రా. క్రేట్లు లెక్కపెట్టుకుంటా, కమీషన్ దగ్గర ఎవడితోనో గట్టిగా మాట్లాడతా ఉంది. ఆమె ఎట్లా పోయిందో నేను వరసలో చదవాల్సింది. ఆ దుఃఖం నాకు మెల్లగా, రచయిత్రి ఎట్లా ఇవ్వాలనుకుందో అట్లా రావాల్సింది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని చాలాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను. తర్వాత వెనక్కి పోయి 131 నుంచి వరసగా చదువుకుంటా వచ్చాను, కానీ ప్రతి పేజీలో ఆ పటం కనపడతానే ఉండె.

ఆ రాత్రే మా అమ్మ బైండు గుర్తొచ్చింది. వారపత్రికల్లో సీరియల్ పేజీలు చింపి, వరసగా పేర్చి, దబ్బనంతో కుట్టి, పాత టీటీడీ క్యాలెండర్ కాగితం అట్టగా వేసేది. నువ్వు కూడా మా ఇంట్లో చూసుంటావు. బీరువా పైనుంచి దించి తిరగేస్తా ఉంటే మధ్యలో ఒక తెల్ల కాగితం తగిలింది, రూళ్ళ నోటుబుక్కులోది. ఆ వారం పత్రిక అమ్మకు దొరకలేదు. పక్కింటి అక్కను అడిగి, కథ రెండు లైన్లు రాసి, ఆ కాగితాన్ని అదే వరసలో పెట్టి కుట్టేసింది. "రాధ పుట్టింటికి పోయింది. ఉత్తరం మామగారి చేతిలో పడింది." అంతే. కింద తేదీ. పేజీలు పోయినా కథ తెగలేదు చూడు.

మరుసటి రోజే రెండొందల పేజీల లాంగ్ నోట్‌బుక్ కొన్నాను. ఒక్కో కథకు రెండు పేజీలు. చదివిన తేదీ, భాగం నంబరు, దాని పక్కన ఆ భాగంలో చివరగా ఏం జరిగిందో ఒకే ఒక్క లైను. నంబరు ఒక్కటే రాస్తే చాలదని చాలా తొందరగానే తెలిసింది. ముందుమాటను కూడా యాప్ ఒకటో భాగంగా లెక్కేస్తుంది. రచయిత్రేమో కథ మొదలైన చోట ఒకటి అంటుంది. ఆమె 37 యాప్‌కి 38 అన్నమాట. మధ్యలో "ఒంట్లో బాలేదు, వచ్చే వారం భాగం రాదు" అని ఒక పోస్టు పెట్టిందనుకో, అదీ ఒక భాగమే, తేడా రెండవుతుంది. కొందరు పాత భాగాలు కలిపేస్తారు, పుస్తకం వేసుకునేటప్పుడు కొన్ని తీసేస్తారు కూడా. అప్పుడు నంబర్లన్నీ జరిగిపోతాయి. "మామ సంతకం పెట్టకుండా పెన్ను మూత పెట్టేశాడు" అని రాసుకున్న లైను మాత్రం యాడికీ జరగదు. ఆ లైను పట్టుకుని వెతికితే చోటు దొరుకుతుంది.

నువ్వు చదివే ఇంగ్లీషు సీరియళ్ళకు సౌకర్యం జాస్తి, ఒప్పుకుంటా. రాయల్ రోడ్ సైటులో కథకు ఫాలో నొక్కితే చివరగా చదివిన అధ్యాయం ఏదో, కొత్తగా ఏం పడిందో చూపిస్తుంది. కొరియన్, చైనీస్ అనువాదాలకైతే నావెల్ అప్‌డేట్స్ అనే సైటులో రీడింగ్ లిస్ట్ పెట్టుకోవచ్చు, కథలు పది సైట్లలో చెల్లాచెదురుగా ఉన్నా అధ్యాయం లెక్క ఒక్కచోటే ఉంటుంది. అవి వాడు, వద్దనను. కానీ వెయ్యి అధ్యాయాలు దాటిన కథలో మూడు నెలల తర్వాత మళ్ళీ అడుగుపెడితే, 612 అని చూపిస్తే నీకేం తెలుస్తుంది? ఆ పొద్దు ఎవడి మీద అనుమానం పడ్డావో, ఏ పిల్ల మీద జాలిపడ్డావో నువ్వే రాసుకోవాల.

ఇంకోటి. బుక్‌మార్కులు కుప్ప పోయొద్దు. నువ్వు ప్రతి అధ్యాయానికీ ఒకటి పెట్టేస్తావు, ఆరు నెలలకు ఏది కొత్తదో నీకే తెలీదు. కథకు ఒక్కటే ఉండాల, చదివినప్పుడల్లా పాతది తీసి కొత్తది పెట్టాల. పోయిన నెల అలిపిరి నుంచి నడిచి కొండెక్కినాం. మాకంటే ముందు ఒకామె ప్రతి మెట్టుకూ పసుపు రాసి కుంకుమ పెట్టుకుంటా పోతోంది. మూడువేల ఐదొందల యాభై మెట్లు! మధ్యలో నీళ్ళు తాగడానికి పక్కకు పోయింది. తిరిగొచ్చి ఎవర్నీ అడగలేదు, లెక్కా పెట్టలేదు. తడి ఆరని పసుపు ఏ మెట్టు మీదుందో చూసుకుని, దాని పై మెట్టు ముందు వంగింది. నాకు వెంటనే నా నోట్‌బుక్కే గుర్తొచ్చింది.

నోట్‌బుక్ చివర్లో ఇంకో నాలుగు పేజీలు విడిగా పెట్టుకున్నా. రాసేవాళ్ళు మధ్యలో ఆపేసిన కథలు అందులో ఉంటాయి. ఏ తేదీ నుంచి ఆగిందో రాసి, అప్పుడప్పుడు పోయి చూసొస్తా. నేనే వదిలేసినవి ఉన్నాయి, ఎందుకు వదిలానో ఒక ముక్క రాసుకుంటా, లేదంటే ఏడాదికి మర్చిపోయి మళ్ళీ అదే కథ మొదలుపెడతాను. రోజూ ఒక్కో చుక్క తాగలేని కథలు కొన్ని ఉంటాయి, వాటిని ఇరవై భాగాలు పోగయ్యేదాకా ముట్టుకోను.

ఫోన్లో వచ్చే కథలకు ఇంత శ్రద్ధ ఎందుకని పోయినసారి అన్నావు. ఆ మాట నాకు నచ్చలేదు రా. కందుకూరి వీరేశలింగం గారి రాజశేఖర చరిత్రము కూడా 1878లో వివేకవర్ధని పత్రికలో విడతలు విడతలుగా వచ్చిందే కదా. ఆ టమాటా మండీ కథ రాసే ఆమె ఎవరో, ఏ ఊళ్ళో వంట ముగించుకుని రాత్రి పదకొండుకు కూర్చుని రాస్తోందో. వారం వారం రాస్తోంది. నేను కూడా వారం వారం అంతే బుద్ధిగా చదవాల. ఏదైనా భాగం నచ్చితే కింద రెండు ముక్కలు రాస్తాను. అప్పుడు కూడా నా లైన్లే పనికొస్తాయి. "బాగుంది" అని వదిలేయకుండా, పన్నెండో భాగంలో ఆ తక్కెడ సంగతి ఇక్కడ కలిసిందమ్మా అని చెప్పగలుగుతాను. అట్లా రాసినందుకు ఆమె ఒకసారి పెద్ద జవాబే ఇచ్చింది.

సంక్రాంతికి వచ్చినప్పుడు అమ్మ బైండు చూపిస్తా, అట్ట ఊడిపోతా ఉంది, ఇద్దరం కూర్చుని మళ్ళీ కుడదాం. దబ్బనం కొనే ఉంచాను.

అన్నట్టు టమాటా మండీ కథ నువ్వు కూడా మొదలుపెట్టావని మీ చెల్లెలు చెప్పింది. ఎన్నో భాగంలో ఉన్నావో జవాబులో రాయి. నేను 158లో ఉన్నా, చెల్లెలు పాత చిట్టా పుస్తకం తెరిచింది, అక్క చేతిరాత కనపడింది. నువ్వు దాని ముందుకు పోయుంటే నంబరు ఒక్కటే రాయి, ఇంకొక్క ముక్క కూడా రాయొద్దు.

నీ
మచ్చా