ఆ టైరుకి బయానా ఇవ్వకు

పర్లాకిమిడి,
12 అక్టోబరు 2025, ఆదివారం రాత్రి

ఒరే బావా,

ముందు తిట్టాల్సినవన్నీ తిట్టేసుకో. దసరా ముందు నువ్వు రాసిన కవరు బల్ల మీద పడి ఉంది, జవాబు రేపు రాద్దాం, ఎల్లుండి రాద్దాం అనుకుంటూనే పండగ కూడా వెళ్ళిపోయింది. ఇక్కడ అందరం బాగున్నాం. అమ్మ మోకాలు అలాగే ఉంది, చిన్నదానికి ఒడియాలో నా జన్మలో రాని మార్కులొచ్చాయి. అంతే, కబుర్లు అయిపోయాయి.

అసలు సంగతి, నీ బైకు వెనక చక్రానికని నిన్న నువ్వు ఫోన్లో పంపిన ఆ టైరు ఫొటో. "ఏడాది పొడుగునా పనికొస్తుందట, సగం ధరకే ఇస్తున్నాడు, బుధవారం వేయించేస్తున్నా" అని కింద రాత ఒకటి! వద్దురా. పైసా బయానా ఇవ్వకు. ఇచ్చేసి ఉంటే పోట్లాడైనా వెనక్కి పుచ్చుకో. ఇది కూడా మన గొడుగు బేరమే, చవకని కొని చెడిన బేరం. ఫోన్ చేస్తే ఊఁ ఊఁ అంటూ సగం విని పెట్టేస్తావని కూర్చుని రాస్తున్నాను. రేపు పొద్దున్న బావమరిది కోరాపుట్ బస్సెక్కుతాడు, వాడి చేతికిస్తాను.

ఆ ఫొటో పెద్దది చేసి చూడు. టైరు సైడు మీద కోడిగుడ్డు ఆకారంలో చిన్న గడి, అందులో నాలుగంకెలు: 2221. రెండు ముక్కలు చేసి చదువు. 22 వారం, 21 సంవత్సరం. అంటే 2021 జూన్ మొదట్లో అచ్చులోంచి బయటికొచ్చిన టైరు. నాలుగేళ్ళు దాటింది! బండికి ఎక్కించకపోయినా రబ్బరు ముసలిదవుతుందిరా. గాలి, ఎండ, వేడి తగిలి గట్టిపడుతుంది. గాట్లు కొత్తగానే కనిపిస్తాయి, పట్టు మాత్రం ఉండదు. చల్లటి చీకటి గోడౌనులో ఉంచిన సరుకైతే ఇంత గోల పెట్టేవాణ్ణి కాదు. కానీ ఆ ఫొటోలో టైరు ఎక్కడుందో చూశావా? కొట్టు బయట మేకుకి, ఎండలో! నీడ పడని వైపు నలుపు కాస్తా బూడిద రంగుకి తిరిగింది కూడా. సగం ధర ఊరికే రాలేదు.

నమ్మకపోతే వెళ్ళి బొటనవేలి గోరు గాట్ల మధ్య రబ్బరు మీద గట్టిగా నొక్కి చూడు. మంచి రబ్బరైతే గోటి గుర్తు పడి మెల్లగా పోతుంది, ఎండిపోయినదైతే గోరు జారిపోతుంది. తర్వాత టైరుని చేత్తో వంచి గాటు అడుగుకి చూడు. వెంట్రుకంత సన్నటి పగుళ్ళుంటే నమస్కారం పెట్టి వచ్చేయ్. నా లెక్క అడిగితే, కొనేటప్పుడు ఏడాది లోపు తేదీ ఉండాలి. బండి మీదున్నది ఆరేళ్ళు దాటితే ఎంత గాటు మిగిలినా తీసెయ్యాలి. నీ ముందు టైరు తేదీ ఎప్పుడైనా చూశావా? చూసి ఉండవు. దాని గురించి తర్వాత చెప్తాను.

తేదీ పక్కన రాసిన సైజు ఇంకా అన్యాయం. 120/80-17. నీ నూటయాభై సీసీ బండికి కంపెనీ ఇచ్చింది వెనక 100/90-17. మొదటి అంకె వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండోది ఆ వెడల్పులో నూటికెంత ఎత్తు. మూడోది రిమ్ము, అంగుళాల్లో. లెక్క కట్టు: నీ పాత టైరు పక్క ఎత్తు 90 మిల్లీమీటర్లు, ఇది 96. మొత్తం టైరు 12 మిల్లీమీటర్లు పెద్దదైపోతుంది. చైను కవరుకి రాసుకోకుండా ఎలా ఉంటుందిరా? వెడల్పు టైరైతే పట్టు ఎక్కువ అని నువ్వు అనుకుంటావని నాకు తెలుసు. సన్నటి రిమ్ము మీద వెడల్పు టైరెక్కిస్తే దాని రెండు పక్కలూ లోపలికి లాగేసి, మధ్య భాగం గూనిలా పైకి లేస్తుంది. అప్పుడు రోడ్డుకి తగిలేది పెరగదు, వంపులో బండి తిరగడానికి మొరాయిస్తుంది. రిమ్ము మీద దాని వెడల్పు పోతపోసి ఉంటుంది, ఆ వెడల్పుకి ఏ సైజులు పడతాయో టైరు కంపెనీ పట్టికలో చూసుకోవాలి. కొట్టువాడి కన్ను కాదు కొలత.

ఇంకా ఉంది. సైజు తర్వాత టి.టి. అని ఉంది. అంటే ట్యూబు టైరు. నీ చక్రాలు అల్లాయ్, ట్యూబ్‌లెస్. ట్యూబు లేకుండా గాలి పట్టి ఉంచే పొర ఆ టైరు లోపల ఉండదు. కాబట్టి వాడు లోపల ట్యూబు వేసి ఇస్తాడు. మేకు దిగిన ట్యూబు గాలి ఒక్కసారిగా వదిలేస్తుంది, ట్యూబ్‌లెస్ అయితే మేకు అందులోనే బిగుసుకుని మెల్లగా కారుతుంది. సుంకి ఘాట్ కొండదారిలో, రాత్రి ఏడింటికి, వెనక వదినని కూర్చోబెట్టుకుని ఏది కావాలో నువ్వే చెప్పు. టి.ఎల్. అని రాసున్నదే తీసుకో.

ఇక టైరు మీద లేచి ఉన్న ఆ రబ్బరు బటన్లు. చూడ్డానికి హిమాలయాలకి వెళ్ళేవాడి టైరులా గొప్పగా ఉంది, ఒప్పుకుంటాను. బురదలో, గుల్ల మట్టిలో ఆ గుండీలు దిగబడి పట్టుకుంటాయి. తారు మీద దిగడానికి ఏముంది? గుండీల మధ్య ఖాళీ ఎంతుంటే రోడ్డుకి తగిలే రబ్బరు అంత తగ్గుతుంది. వంపులో బండి వాలిస్తే ఒక్కో గుండీ పక్కకి వంగి చక్రం కింద మెదిలినట్టుంటుంది. తడి తారు మీద మరీను. మోత సంగతి చెప్పక్కర్లేదు. నీ దారి కోరాపుట్ నుంచి సుంకి దిగి సాలూరు, పార్వతీపురం, పాలకొండ, పాతపట్నం మీదుగా ఇక్కడికి. అందులో మట్టి రోడ్డు ఎంతరా? మీ పెద్దత్త ఇంటి సందు తప్ప!

సరే, ఏది కొనాలి? నీ దారినే చూసి చెప్తాను.

ఘాట్‌లో వానాకాలం. లోడు లారీలు మలుపుల్లో డీజిలు కార్చుకుంటూ పోతాయి, దాని మీద దుమ్ము. తొలకరి మొదటి పావుగంటకి అదంతా నానబెట్టిన సబ్బు. అక్కడ నిన్ను కాచేది ముందు టైరు. కిందికి దిగుతూ బ్రేకు పడితే బరువంతా దాని మీదకే వస్తుంది. అందుకని ముందు నీ పాత సైజే, 80/100-17, నీళ్ళు మధ్యలోంచి పక్కలకి తోసే పొడుగు గాట్లున్నది తీసుకో. సిలికా కలిపిన రబ్బరు దొరికితే తడిలోనూ చలిలోనూ ఇంకా మేలు. డిసెంబరులో కోరాపుట్ పొద్దులకి రబ్బరు కొయ్యలా ఉంటుంది, మొదటి నాలుగైదు కిలోమీటర్లు దానికి ఒళ్ళు కాగేదాకా వాలించకు.

వెనక టైరుకి వేరే లెక్క. సాలూరు దాటాక అంతా తిన్నటి రోడ్డు, ఎండాకాలం తారు కాలిపోతుంటుంది. మరీ మెత్తటి రబ్బరు వేస్తే మధ్యలో అరిగి బల్లపరుపైపోతుంది. అలా చదునైన టైరుతో మళ్ళీ ఘాట్ ఎక్కితే మలుపులో ఆ అంచు మీదకి బండి ఒక్కసారి తూలినట్టు పడుతుంది. అందుకే మధ్య గట్టి రబ్బరు, పక్కలు మెత్తటి రబ్బరు ఉన్నవి తయారుచేస్తారు. నీ 100/90-17లో దొరికితే అదే, దొరక్కపోతే మామూలు రోడ్డు టైరు. ఎమ్మారెఫ్, సియట్, టీవీఎస్, అపోలో, పేరున్నది ఏదైనా ఫరవాలేదు, కంపెనీ కన్నా తేదీ ముఖ్యం. సైజు తర్వాత 55పి లాంటిది ఉంటుంది చూడు. 55 అంటే 218 కిలోలు మొయ్యగలదు, పి అంటే గంటకి 150 కిలోమీటర్ల దాకా. పాతదాని మీదున్న అంకెకి తగ్గకూడదు. మీ ఇద్దరి బరువూ, మోసుకొచ్చే పనసకాయల బరువూ దాని మీదే కదా.

కోతలప్పుడు రోడ్డు మీద చోళ్ళు, వడ్లు పరుస్తారు కదా, దానికి ఏ టైరూ పనికిరాదు. బ్రేకు ముట్టుకోకుండా తిన్నగా, మెల్లగా దాటు.

ఇప్పుడు ముందు టైరు సంగతి. వెనక కొత్తది వేసి ముందు పాతది ఉంచేద్దామనేగా నీ ప్లాను? గాట్ల అడుగున అక్కడక్కడా చిన్న దిబ్బలుంటాయి, రబ్బరు వాటికి సమమైతే టైరు చచ్చినట్టే. కానీ వానకి అంతదాకా ఆగకూడదు. అగ్గిపుల్ల గాటులో నిలబెట్టి, గోటితో గుర్తుపెట్టి, చిన్నాడి స్కేలు మీద కొలువు. రెండు మిల్లీమీటర్లు లేకపోతే రెండూ మార్చు. డబ్బు ఒకదానికే ఉంటే ముందుది మార్చు, వెనకది... లేదులే, వెనకది కూడా అరిగిందన్నావు. వచ్చే నెల దాకా ఆగి రెండూ ఒకేసారి వేయించు.

బిగించేటప్పుడు పక్కనే నిలబడు, టీకి వెళ్ళకు. రబ్బరు వాల్వు కొత్తది వేయించు, పాతికో యాభయ్యో. టైరు మీద బాణం చక్రం తిరిగే వైపే ఉండాలి. పసుపు చుక్క ఉంటే వాల్వు పక్కకి రావాలి, అది టైరులో తేలిక చోటు. అంచుకి సబ్బునీళ్ళు రాయమను, గ్రీజు కాదు. గాలి కొట్టాక రిమ్ము అంచు పక్కన సన్నటి గీత చుట్టూ ఒకే దూరంలో కనిపించాలి. ఒకచోట లోపలికి పోయిందంటే టైరు సరిగ్గా కూర్చోలేదు, మళ్ళీ విప్పించు. ముందు చక్రం బయట ఉన్నప్పుడు బ్రేకు లీవరు ఎవరినీ నొక్కనివ్వకు, ప్యాడ్లు దగ్గరికొచ్చేస్తాయి. బిగించాక బండి కదలకముందే లీవరు నాలుగైదుసార్లు నొక్కి గట్టిపడిందో లేదో చూసుకో. వెనక ఇరుసు దగ్గర చైను సర్దే గీతలు రెండు పక్కలా ఒకే లెక్కలో ఉండాలి.

కొత్త టైరు మీద నున్నటి పొర ఉంటుంది, మొదటి నూటయాభై కిలోమీటర్లు దాని మీద వేషాలెయ్యకు. గాలి చల్లగా ఉన్నప్పుడే చూడాలి. నీ బండికి ముందు 25 పాయింట్లు (పీఎస్ఐ), వెనక ఒక్కడివైతే 28, ఇద్దరైతే 32. పది డిగ్రీల చలికి ఒకటీ ఒకటిన్నర పాయింటు తగ్గుతుంది, అంచేత మధ్యాహ్నం పార్వతీపురంలో కొట్టించిన గాలిని కోరాపుట్ పొద్దున్న నమ్మకు. కొండెక్కితే బయటి గాలి పలచబడి గేజీ కాస్త ఎక్కువ చూపిస్తుంది, అదో తమాషా, ఎందుకంటే

బావమరిది లేచి సంచి సర్దేసుకుంటున్నాడు, బస్సు నాలుగున్నరకేనట, ఇప్పుడు మూడు దాటింది! పంచరు పుల్లలు ఏవి కొనాలో, టైరు లోపల పోసే ఆ పచ్చటి జిగురు ఎందుకు వద్దో ఇంకా చెప్పనేలేదు. కొత్త టైరు సైడు ఫొటో పంపు, ఆ నాలుగంకెలు కనబడాలి.

నీ
గొడుగు పార్టీ