చెవి కాదు, వాల్యూమ్ నాబ్

అంబాజీపేట

చి. బుజ్జికి నాన్న దీవెనలు.

కొత్త ప్రీయాంప్ (పాటని ఎంత గట్టిగా పంపాలో చూసుకునే, వాల్యూమ్ నాబ్ ఉన్న పెట్టె) కొందామని ఫోటో పంపావు కదా, దానికి జవాబు చెప్పేముందు ఓ సంగతి చెప్పాలి. సంక్రాంతికి వచ్చినప్పుడు "ఎందుకు నాన్నా అలా తల ఓ పక్కకి వాల్చి కూర్చుంటున్నావు" అని అడిగావు. మెడ పట్టేసిందన్నాను. అబద్ధం. రాత్రి పూట పాట పెట్టుకుంటే అంతా ఎడం పక్కనుంచే వస్తున్నట్టుండేది. కుడి చెవి పోతోందేమోనని నాలో నేనే బెంగ పెట్టుకుని, మీ అమ్మతో కొబ్బరికాయల లెక్కలున్నాయని చెప్పి, కాకినాడ వెళ్ళి చెవి డాక్టరుకి చూపించుకున్నాను. అద్దాల గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు తగిలించి, కూత వినబడినప్పుడల్లా మీట నొక్కమన్నారు. చివరికి కాగితం మీద రెండు గీతలు గీసి ఇచ్చారు. రెండూ ఒకే తోవన నడిచాయి. 4 వేల హెర్ట్జ్ దాటాక, అంటే బాగా సన్నటి కూతల దగ్గర, రెండూ కలిసే కిందికి జారాయి. "65 ఏళ్ళకి ఇది మామూలేనండి, తేడా ఏం లేదు" అన్నాడాయన. తాతగారి మైకుసెట్టు హారన్ల కింద పడుకుని పెరిగిన చెవులు! ఇంకా ఈమాత్రం పనిచేస్తున్నాయంటే సంతోషమే.

మరి పాట ఎందుకు ఒరుగుతోంది?

ఇంటికొచ్చి ఘంటసాల పాత మోనో రికార్డు ఒకటి తీశాను. మోనో అంటే రెండు స్పీకర్లకీ వెళ్ళేది ఒకే ధ్వని కదా, గొంతు సరిగ్గా నడిమధ్య నిలబడాలి. మన హాల్లో నడిమధ్య అంటే గోడ గడియారం కింద. మీ అమ్మ గుడికి వెళ్ళినప్పుడు గట్టిగా పెట్టాను, ఆయన గడియారం కిందే నిలబడి పాడాడు. తగ్గించుకుంటూ వచ్చాను. ఒక్కో అడుగూ ఎడమకి జరుగుతూ జరుగుతూ, రాత్రి వినేంత చిన్నగా అయ్యేసరికి బీరువా పక్కకి పోయాడు. కుర్చీ తిప్పి, స్పీకర్లకి వీపు పెట్టి కూర్చున్నాను. ఇప్పుడు కుడి చెవికే ఎక్కువ వినిపించింది. ఇక చెవి గొడవ వదిలేశాను.

తరవాత ప్రీయాంప్ నుంచి పవర్ యాంప్‌కి, అంటే స్పీకర్లని మోగించే పెట్టెకి, వెళ్ళే రెండు కేబుళ్ళూ పవర్ యాంప్ దగ్గర ఎడమది కుడికి, కుడిది ఎడమకి మార్చాను. ఒరుగు కుడి పక్కకి మారింది. అంటే పవర్ యాంప్, స్పీకర్లు నిర్దోషులు. వాటిని మళ్ళీ సరిచేసి, ఈసారి ప్రీయాంప్‌లోకి వచ్చే కేబుళ్ళు అలాగే మార్చాను. ఒరుగు ఎక్కడిదక్కడే ఉంది. దొంగ ప్రీయాంప్‌లోనే ఉన్నాడు.

నేను 1991లో మద్రాసు నుంచి తెచ్చిన పెట్టె అది. 1996 నవంబరు తుఫానుకి తోటలో చెట్లు వరసగా కూలిపోతుంటే నిన్నూ, దాన్నీ అటక మీదికి ఎక్కించాను. మీ అమ్మ ఆ సంగతి ఇప్పటికీ దెప్పుతుంది, "ముందు ఏది ఎక్కించావో చెప్పు" అని. (నిన్నే.)

మూత విప్పితే సముద్రపు గాలి చేసిన పని కనబడింది. వెనక కేబుళ్ళు గుచ్చే చోట పచ్చగా చిలుము పట్టింది. స్పిరిటుతో తుడిచాను. వాల్యూమ్ నాబ్ తిప్పితే చిరచిరమనేది, క్లీనర్ స్ప్రే కొడితే అది తగ్గింది. ఒరుగు మాత్రం పోలేదు. పోదు కూడా. ఆ నాబ్ లోపల ఒకే ఇరుసు మీద రెండు కార్బన్ పట్టీలుంటాయి, ఎడమకొకటి, కుడికొకటి. వాటి మీద రెండు ముళ్ళు జారుతుంటాయి. పైన సగం దాటాక రెండు పట్టీలూ బాగానే జతకూడతాయి కానీ, అడుగున, మొదలుపెట్టేచోట, ఏ రెండూ ఒకలా ఉండవు. ఒక పక్క కాస్త ముందుగానే పలుకుతుంది. మనం రాత్రుళ్ళు వినేది ఆ అడుగునే.

అయినా మనం ఆ అడుగునే ఎందుకు పడి ఉంటున్నాం? నువ్వు కొనాలంటున్న దాని సంగతి తేల్చేది ఈ ప్రశ్నే, కాస్త ఓపిగ్గా చదువు. ఆ పెట్టె తయారైనది టేపులు, ట్యూనర్ల కాలం కోసం. అవి ఇచ్చే సంకేతం చిన్నది కాబట్టి దాన్ని పదింతలు చేసి పంపేలా కట్టారు. నువ్వు తెచ్చిన సీడీ ప్లేయరు తనే 2 వోల్టులు ఇస్తుంది. పదింతలు చేస్తే 20. మన పవర్ యాంప్ పూర్తిగా అరవడానికి 1 వోల్టు చాలు. రాత్రి వినడానికైతే వోల్టులో యాభయ్యో వంతు చాలు. ధవళేశ్వరం గేట్లన్నీ ఎత్తేసి మన పొలం బోదె దగ్గర తూముకి బురద మెత్తినట్టుంది వ్యవహారం. ఆ నాబ్ పాపం ఏం చేస్తుంది!

అందుకని, తల్లీ, నువ్వు పంపించిన ఫోటోలోది వద్దు. అది అందంగానే ఉంది. ముందు పలక అంగుళం మందం అల్యూమినియమట. కానీ దాని గెయిన్, అంటే సంకేతాన్ని ఎన్నింతలు చేస్తుందన్నది, మన పాతదానంతే. లక్షలు పోసి తెచ్చినా ఘంటసాల బీరువా పక్కనే నిలబడతాడు. లక్ష హెర్ట్జ్ దాకా పలుకుతుందని వాళ్ళు రాసుకున్నది కూడా చదివాను. నా గీతలు ఎక్కడ జారాయో ఇందాకే చెప్పాను కదా.

రాజమండ్రిలో ఒకాయన దగ్గర నాలుగేళ్ళు వాడిన ప్రీయాంప్ ఉందని తెలిసి వెళ్ళాను. గెయిన్ రెండింతలే. వాల్యూమ్‌కి కార్బన్ పట్టీ లేదు, లోపల చిన్న చిన్న రిలేలు (కరెంటుతో కదిలే స్విచ్చులు), ఒక శాతం తేడా కూడా లేని రెసిస్టర్లు. 64 మెట్లు, మెట్టుకో డెసిబెల్. నాబ్ తిప్పితే లోపల టిక్కుటిక్కుమని బల్లి పలికినట్టుంటుంది. వారం ఉంచుకుని చూస్తాను, నచ్చితేనే డబ్బులు అన్నాను. "మీరు మైకుసెట్టు వారబ్బాయా, తీసుకెళ్ళండి" అన్నాడు. బస్సులో ఒళ్ళో పెట్టుకుని, జొన్నాడ వంతెన మీద కుదుపుకి రెండు చేతులా పట్టుకుని, రావులపాలెంలో దిగి ఆటో ఎక్కాను. నిన్ను ఆసుపత్రి నుంచి తెచ్చినప్పుడు కూడా అంత జాగ్రత్తపడలేదని మీ అమ్మ అంది.

ఆ రాత్రి పదకొండింటికి అదే రికార్డు. ఫ్యాను తిరిగే చప్పుడు కంటే కాస్త పైకి, అంతే. గొంతు గడియారం కిందే ఉంది. తరవాత మన శంకరగుప్తంలో పుట్టిన బాలమురళి కచేరీ సీడీ పెట్టాను. మృదంగం తొప్పి వైపు వేసే చిన్న గుంకీ కూడా తన చోట తాను పలికింది. గట్టిగా పెట్టినప్పుడు పాతదానికీ దీనికీ తేడా చెప్పమంటే నేను చెప్పలేను. ఆ మాట దాచడం ఎందుకు.

దీనికి రికార్డు ప్లేయరు తగిలించే ఫోనో భాగం లేదు. రికార్డు మీద నడిచే సూది ఉన్న కార్ట్రిడ్జ్ ఇచ్చేది 5 మిల్లీవోల్టులు, దాన్ని వందింతలు చేసి, రికార్డు కోసేటప్పుడు తగ్గించిన బాస్‌ని మళ్ళీ పెంచి, పెంచిన ట్రెబుల్‌ని తగ్గించాలి కదా. విడిగా కొనమన్నారు. నేను కొనలేదు. మన పాతదాని వెనక టేప్ అవుట్ అని ఉంది చూడు, అక్కడికొచ్చే ధ్వని ఫోనో దాటి వస్తుంది కానీ వాల్యూమ్ నాబ్‌ని ముట్టుకోదు. అక్కణ్ణుంచి కొత్తదానికి తీగ వేశాను. తుఫాను చూసిన పెట్టె, దానికీ ఓ ఉద్యోగం ఉండాలి.

ఆయనకి డబ్బులు ఇచ్చేశాను, తోట డబ్బుల్లోంచే. నువ్వు పంపొద్దు. వచ్చేటప్పుడు అర మీటరు ఆర్‌సీఏ కేబుల్ మంచిది ఒక జత పట్రా, చాలు.

కాకినాడ కాగితం నా ట్రంకు పెట్టెలో రికార్డుల కవర్ల మధ్య ఉంది. అమ్మకి ఇంకా తెలీదు, ఫోన్లో నోరు జారకు.

ఇట్లు,
నాన్న